పాత మోటారు బండి: బాగు చేయించుటయా, మార్చుటయా?

సింగరాయకొండ చుట్టుపట్ల పల్లెలలో మోటారు సైకిలు చేయని పని లేదు. తెల్లవారుజామున పాలబిందెలను కేంద్రమునకు చేర్చును. పొద్దెక్కిన పిమ్మట మందు కొట్టు యంత్రమును, నీళ్ల డబ్బాలను, వెనుక నొక కూలిమనిషిని మోసికొని మిరప చేనికి పోవును. సాయంకాలము పిల్లలను బడినుండి తెచ్చును. అర్ధరాత్రి జ్వరము వచ్చిన బిడ్డను ఆసుపత్రికి చేర్చునదియు అదియే. ఇన్నేండ్లు ఇంత చాకిరి చేసిన బండి ఒకనాడు నీలిపొగ విడుచును, చెరువుకట్ట యెక్కలేక ఆగిపోవును. మెకానిక్కు చెవి యొగ్గి విని, “ఇంజను విప్పాలండీ” అనును. ఆ మాటతో ఇంట రెండు పక్షములు ఏర్పడును. బాగు చేయింతమని తండ్రి, దీనిని తోసివేసి కొత్తది తెత్తమని కొడుకు. ఏ పక్షమున ఎప్పుడు న్యాయమున్నదో నేడు మన శ్రోతలతో కలిసి విచారింపదలచితిమి.

మొదట మన నేలను గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. బండి ఆయువు చాలవరకు నేలమీద ఆధారపడియుండును. 16వ జాతీయ రహదారిమీద పోవునంతసేపు ఏ బండియైనను సుఖముగనే నడచును. దానిని విడిచి తూర్పునకు తిరిగినచో పాకల సముద్రతీరము వైపు ఇసుకబాటలు, రొయ్యల చెరువుల గట్లు, వానికి తోడు ఉప్పుగాలి. పడమరకు కందుకూరు వైపు పొలములలోనికి దిగినచో నల్లరేగడి. వేసవిలో ఆ నేల పిండివంటి దుమ్మయి లేచును. వాన కురిసెనా, చక్రమునకును మడ్‌గార్డునకును నడుమ మైనమువలె పట్టుకొని చక్రమును తిరుగనీయదు. అందుచేతనే మనవారిలో పలువురు ముందు మడ్‌గార్డు ఊడదీసి ఇంట పెట్టుదురు. దుమ్ము ఇంజనును లోపలినుండి అరగదీయును. ఉప్పుగాలి ఇనుమును బయటినుండి తినివేయును. ఈ రెండింటిలో మొదటిది బాగుపడు జబ్బు. రెండవది ముదిరిన తరువాత బాగుపడదు. మా అభిప్రాయమున ఈ విచారమంతయు ఈ భేదమును పట్టుకొనియే సాగవలెను.

కావున ఇంజను శబ్దము వినుటకు ముందు చూడవలసినది ఛాసిస్. నీటితో బురద బాగుగా కడిగించి, సీటు తీయించి, బ్యాటరీ పెట్టె క్రింద, వెనుక చక్రపు ఫోర్కు తగులుచోట, హ్యాండిలు మెడ దగ్గరి అతుకులయందు పరిశీలింపవలెను. పైపొర తుప్పు గీరినచో పోవును. రంగు వేయించిన చాలును. సూదిమొనవంటి రంధ్రములు కనబడినను, చిన్న సుత్తితో తట్టినప్పుడు ఖంగుమనక బొదబొదమనినను, ఆ గొట్టము లోపల తినివేయబడినదని యెరుగవలెను. అతుకులయొద్ద వెంట్రుకవాసి చీలిక యున్నను అంతే. పిదప ఒక నూలుదారమును వెనుక చక్రమునుండి ముందు చక్రము వరకు ఇరుప్రక్కల లాగి చూచినచో బండి వంకర తిరిగినదో లేదో తెలియును. ఎప్పుడో ఒకనాడు కాలువలో పడిన బండి సంగతి యజమాని మరచినను ఆ దారము మరువదు. ఛాసిస్ చెడిన బండికి ఎంత మంచి ఇంజను పెట్టినను ప్రయోజనము లేదు. వెల్డింగు చేయించి నడుపువారున్నారు. పాలబిందెలతోను, వెనుక మనిషితోను గుంతలో పడినప్పుడు ఆ అతుకు విడిపోయినచో కలుగు నష్టము బండితో పోదు. అట్టి బండిని విడిచిపెట్టవలెనని మేము నిస్సంకోచముగా చెప్పుదుము.

ఛాసిస్‌తోపాటు చూడవలసినవి కాగితములు. కొత్త మోటారు సైకిలు నమోదు 15 సంవత్సరములు చెల్లును. తరువాత ఐదేసి సంవత్సరములకు పునరుద్ధరింపవలెను. ఆ రుసుము 2022 ఏప్రిల్ 1వ తేదీన 300 రూపాయలనుండి 1,000 రూపాయలకు పెరిగినది. 20 ఏండ్లు దాటిన బండ్లకు 2025 ఆగస్టులో దానిని 2,000 రూపాయలు చేసిరి. 14వ యేట ఉన్న బండికి వేల రూపాయలు పెట్టి ఇంజను చేయించి, మరుసటి సంవత్సరము తనిఖీకి తీసికొనిపోవలసివచ్చునని తలపనివారిని మేము చూచియున్నాము. వేరొక బండి ఇంజను తెచ్చి తగిలించుకొందమన్నచో 1988 నాటి మోటారు వాహనముల చట్టము అడ్డు వచ్చును. నమోదు పుస్తకమున వ్రాసిన వివరములకు విరుద్ధముగా బండిని మార్చుటకు ఆ చట్టపు 52వ విభాగము ఒప్పదు. ప్రమాదము జరిగినప్పుడు బీమావారు మొదట చూచునదియు ఆ ఇంజను నంబరే.

ఇక ఇంజను. పొగలోను భేదములున్నవి. ప్రొద్దున మొదటిసారి స్టార్టు చేసినప్పుడు మాత్రము నీలిపొగ వచ్చి ఆగిపోయినచో తరచుగా అది వాల్వు సీళ్ల లోపము. స్వల్ప వ్యయముతో పోవును. ఆక్సిలరేటరు ఇచ్చినంతసేపు నీలిపొగ వచ్చుచున్నచో రింగులు, పిస్టను, సిలిండరు అరిగినవని అనుమానింపవలెను. నల్లపొగ ఇంజను అరుగుదల కాదు, పెట్రోలు ఎక్కువ పోవుటయే. దానికి కార్బురేటరు సరిచేసిన చాలును. ఇంజను అడుగుభాగమునుండి టకటక శబ్దము వచ్చుచు, తీసిన ఆయిలులో ఇనుపరజను మెరయుచున్నచో క్రాంకు దెబ్బతిన్నదని భావింపవచ్చును. ఖర్చులోకెల్ల పెద్దది అదియే.

సిలిండరు అరిగినచో లేత్ మిషనుపై బోరు చేయించి, 0.25 మిల్లీమీటరో 0.50 మిల్లీమీటరో పెద్దదైన పిస్టను వేయుట పాత పద్ధతి. అది మంచి పద్ధతియే. పాత రాజ్‌దూత్‌లు, యెజ్డీలు, 1955 నుండి మద్రాసులో తయారైన బుల్లెట్లు ఇన్నేండ్లు బ్రతుకుటకు లేత్ పనివారి చేతిచలువయే ముఖ్యకారణము. కొన్ని కొత్త తరగతుల బండ్లలో సిలిండరు లోగోడమీద గట్టి పూత యుండును. దానిని బోరు చేయించుట తగదు. సిలిండరు మొత్తము మార్చవలెను. ఆ సంగతి ముందుగా అడిగి తెలిసికొనవలెను.

ఇంజను ఎందుచేత అరిగినదని అడుగువారు బహు తక్కువ. మన ప్రాంతమున వచ్చు సమాధానము చాలసార్లు ఒక్కటియే: గాలి వడపోత. ఎయిర్ ఫిల్టరు చినిగినను, దాని పెట్టె మూత సరిగ కూర్చుండకున్నను, రేగడి దుమ్ము నేరుగా సిలిండరులోనికి పోయి ఆకురాయివలె రాచును. ఆ చిరుగు అట్లేయుండగా కొత్త పిస్టను వేయించినచో ఒక మిరప పంట కాలము తిరుగకమునుపే నీలిపొగ మరల కానవచ్చును. అప్పుడు యజమాని మెకానిక్కును నిందించును, మెకానిక్కు పిస్టను చేసినవానిని నిందించును. ఇంజను విప్పించువారు ఫిల్టరును, దాని రబ్బరు గొట్టమును తప్పక మార్పింపవలెను. నేడు పెట్రోలులో 20 పాళ్ల వరకు ఎథనాలు కలియుచున్నందున పాత బండ్ల కార్బురేటరులోని రబ్బరు రింగులను, పెట్రోలు గొట్టమును కూడ అప్పుడే మార్పించుట మంచిది. కొత్త పిస్టను వేసిన బండికి మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువు పెట్టరాదు. ఆ నియమమును మన పల్లెలలో ఎవరును పాటింపరు. బండి వచ్చిన సాయంకాలమే దానిమీద రెండు ఎరువుబస్తాలు ఎక్కును!

విడిభాగముల మాట వేరుగా చెప్పవలసినంత ముఖ్యమైనది. యువకులకు మక్కువైన మట్టిబాటల మోటారు సైకిలు కథ ఇందుకు నిదర్శనము. 2011లో హీరోవారు ‘ఇంపల్స్’ అను 150 సి.సి. బండిని విడుదల చేసిరి. ఎత్తైన సీటు, పొడవైన ఫోర్కులు, గట్లమీద దూకుటకు తగిన నిర్మాణము. తగినంతమంది కొనకపోవుటచే కొన్ని సంవత్సరములకే దానిని ఆపివేసిరి. ఇంజను మాత్రము అదే సంస్థవారి సి.బి.జెడ్. ఎక్స్‌ట్రీమ్ జాతిది కావున పిస్టను, క్లచ్ ప్లేట్లు వంటివానికి దారి దొరకవచ్చును. ఆ పొడవాటి ఫోర్కులు, ఆ టాంకు, ఆ సీటు మరి యే బండినుండి తేగలము? అట్టి బండిని చవుకగా కొని తెచ్చిన కుర్రవాడు ఇంజను బాగుచేయుట సులభమని సంతోషించును. ఫోర్కు వంగిననాడు కన్నీళ్లు పెట్టును. 2019లో వచ్చిన ఎక్స్‌పల్స్ 200 దానికి వారసురాలు. నేలకును ఇంజను అడుగుకును నడుమ 220 మిల్లీమీటర్ల ఎత్తున్నందున గతుకుల బాటలకు తగినదే. అయినను పాలబిందెలు కట్టుటకు ఆ ఎత్తు సీటు అనుకూలము కాదని మా మతము. మనవారు నూరు సి.సి. బండ్లనే పట్టుకొని యుండుటకు తెలివితక్కువ కారణము కాదు. 1994లో వచ్చిన స్ప్లెండరునకు మేకు కావలసినను, మెడ కావలసినను చిన్న ఊరి దుకాణమున దొరకును.

డబ్బు లెక్కలో తరచుగా వినబడు మాట యొకటి కలదు: “బండి ఖరీదే పదిహేను వేలు, మరమ్మతు పన్నెండు వేలట, ఎవడు పెట్టును?” ఈ వాదము వినుటకు ఇంపుగానున్నను నిలువదు. బండిని అమ్ముటకు కాదు గదా బాగుచేయించుట! ఆ పన్నెండు వేలు ఎన్ని సంవత్సరముల సేవ కొనిపెట్టునని చూడవలెను. ఛాసిస్ గట్టిగానుండి, భాగములు దొరకుచు, మరి నాలుగేండ్లు నడచునన్నచో సంవత్సరమునకు మూడు వేలు పడినది. అదే డబ్బునకు మూడు వేలు కలిపి సంతలో కొన్న పాత బండితోపాటు దాని పూర్వ యజమాని దాచిన లోపములనుకూడ కొందుము. మన బండి జబ్బులు మనకు తెలిసినవి.

ఇందుకు ఎదురుగా మరియొక భ్రమ కలదు. “మొన్ననే టైర్లు వేయించితిమి, నిరుడు క్లచ్ ప్లేట్లు మార్చితిమి, ఇంత పెట్టి విడుతుమా?” అని. నిరుడు పెట్టినది నిరుడే పోయినది. నేడు పెట్టవలసినదానికే నేడు లెక్క.

కొత్త బండి పక్షమున చెప్పవలసినదియు చాలనున్నది. 350 సి.సి. లోపు మోటారు సైకిళ్లపై జి.ఎస్.టి.ని 2025 సెప్టెంబరు 22నుండి నూటికి 28నుండి 18కి తగ్గించిరి. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బండ్లలో కార్బురేటరు స్థానమున ఇంధనమును లెక్కప్రకారము చిమ్ము సాధనము వచ్చినది; చల్లని ఉదయమున ఒక్క మీటతో కదలును. అది చెడినచో చింతచెట్టుక్రింది మెకానిక్కు చేతికి లొంగదనుటయు నిజమే. మమ్ము కలవరపెట్టునది ఇదికాదు, వాయిదాలు. వాయిదా నెలనెలకు వచ్చును. మిరప డబ్బు ఏడాదికి ఒకసారి వచ్చును, వచ్చినను ఎంత వచ్చునో తెలియదు. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోయినప్పుడు కేంద్రప్రభుత్వము క్వింటాలునకు 11,781 రూపాయల ధర ప్రకటించి జోక్యము చేసికొనవలసివచ్చినది. అట్టి యేడు మూడు వాయిదాలు తప్పిన యింటి వాకిట అప్పిచ్చినవారి మనుషులు నిలిచి బండి తాళములు అడుగుట ఎట్లుండునో ఊహింపుడు. పాలు పోసిగాని, ఉద్యోగమునగాని నెలనెలా రాబడి గల ఇల్లు వాయిదాకు తలయొగ్గవచ్చును. ఒక్క పంటమీదనే ఆధారపడిన యిల్లు, ఛాసిస్ గట్టిగానున్నంతవరకు, పాత బండినే బాగుచేయించి, పంట డబ్బులో కొంత ప్రక్కన పెట్టుచు కొత్తదానికి కూడబెట్టుకొనుట మేలని మా సలహా.

బాగుచేయింపనెంచినవారు ఇంజను విప్పకముందే భాగముల పట్టికను, కూలిని కాగితముమీద వ్రాయించుకొనవలెను. విప్పిన పిదప పట్టిక పెరుగుట సహజము. ఎంత దాటినచో ఆపవలెనో ఇంటివారందరును కూర్చుండి ముందే నిర్ణయించుకొనవలెను. ఇంజను ముక్కలై గోనెసంచిలోనున్నప్పుడు ఎవరికిని బేరమాడు శక్తియుండదు. తీసివేసిన పాత భాగములను అడిగి తెచ్చుకొనవలెను.

మార్పునకే నిశ్చయించినవారు పాత బండిని ఊరక తోసివేయరాదు. పేరు మార్పు కాగితములపై సంతకములు పూర్తిచేసి, అమ్మినవారు 14 దినములలోపల రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. అది చేయనంతకాలము ఆ బండి ఎక్కడ ఎవరిని గ్రుద్దినను మొదట పిలుపు వచ్చునది పుస్తకములో పేరున్నవారికే. కొన్నవాడు చుట్టమైనను, పొరుగువాడైనను సరియే, ఆ సంతకములైన తరువాతనే రెండవ తాళపుచెవి చేతికీయవలెను.