వలస స్త్రీల ఆటపాట - సంస్కృతి ఎవరి సొత్తు?

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



వలస గురించి మాట్లాడమన్నారు. వలస అనగానే మనకు కూలి రేట్లు, ఏజెంట్ల మోసాలు, పాస్‌పోర్టులు లాక్కోవడం గుర్తుకొస్తాయి. వాటి గురించి ఈ రెండు రోజులూ చాలా చర్చించాం. నేను ఇంకో విషయం చెబుతాను. వలసపోయిన స్త్రీ తన రెండు చేతులనే కాదు, తన పాటనూ ఆటనూ కూడా వెంట తీసుకుపోతుంది. అవి చేరిన దేశపు కళనే మార్చేస్తాయి. అలా మార్చిన స్త్రీలకు ఆ దేశంలో ఏ స్థానం దక్కింది? ఇందుకు ట్రినిడాడ్ ఉదాహరణ తీసుకుంటున్నాను.

ట్రినిడాడ్ వెస్టిండీస్‌లో ఒక దీవి. 1830లలో బ్రిటిష్ వలస రాజ్యాల్లో బానిసత్వం రద్దయ్యాక అక్కడి చెరుకుతోటల యజమానులకు చవక కూలీలు కావలసి వచ్చారు. 1845 మే 30న 'ఫతెల్ రజాక్' అనే ఓడ మొదటి భారతీయ కూలీలను అక్కడ దింపింది. 1917 వరకు సుమారు 1,44,000 మంది ఒప్పంద కూలీలుగా వెళ్ళారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి బయలుదేరిన భోజ్‌పురి ప్రాంతం వాళ్ళు. మద్రాసు నుంచి కూడా కొన్ని ఓడలు వెళ్ళాయి. మన తెలుగువాళ్ళు మారిషస్, నటాల్, ఫిజీ వైపు పోయారు. మారిషస్‌లో తెలుగువాళ్ళను ఒకప్పుడు మన కోరంగి రేవు పేరుతోనే పిలిచేవారు. కాబట్టి ఇది మనకు పరాయి కథేమీ కాదు.

ఓడల్లో ప్రతి 100 మంది పురుషులకు 40 మంది స్త్రీలు ఉండాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. అంతమందిని సమకూర్చడానికే ఏజెంట్లు అవస్థ పడేవారు. వెళ్ళిన స్త్రీలలో చాలామంది ఒంటరివాళ్ళు. వితంతువులు, భర్తలు వదిలేసినవాళ్ళు, అత్తింటి బాధలు పడలేక బయటపడ్డవాళ్ళు వారిలో ఉన్నారు. మగవాళ్ళకంటే తక్కువ కూలి ఇచ్చినా అది వాళ్ళ సొంత కూలి. నచ్చని మగవాణ్ణి వదిలేసి వేరొకరితో ఉండే వీలు కొంత దొరికింది. దానికి మూల్యం కూడా చెల్లించారు. తోటల్లో భార్యల హత్యలు ఎంత ఎక్కువగా జరిగేవో ఆనాటి ప్రభుత్వ రికార్డులే చెబుతాయి. ఇక్కడ మన జాతీయ నాయకులు కూలీల ఎగుమతిని ఆపమని పోరాడారు. అది న్యాయమైన పోరాటమే. కానీ ఆ ప్రచారంలో ఆ స్త్రీలు 'చెడిపోయిన వాళ్ళు'గానో, శీలం కాపాడవలసిన నిస్సహాయులుగానో మాత్రమే కనిపించారు. కష్టం చేసి బతికిన కార్మికులుగా కనిపించలేదు.

ఈ స్త్రీలు తీసుకెళ్ళిన వాటిలో 'మటికోర్' ఒకటి. పెళ్ళికి రెండు రోజుల ముందు రాత్రి ఆడవాళ్ళంతా కలిసి డప్పులతో వెళ్ళి మట్టి తవ్వి తెస్తారు. తిరిగొచ్చి పాడతారు, ఆడతారు. మొదటి రాత్రి గురించి, మగవాళ్ళ గురించి మోటు హాస్యం, నడుము తిప్పే ఆట. మన పెళ్ళిళ్ళలో వియ్యపురాళ్ళను ఎత్తిపొడుస్తూ పాడే వియ్యాలవారి పాటలు మీకు తెలుసు కదా, ఆ కోవలోదే, ఇంకాస్త ఘాటు. అక్కడ మగవాళ్ళకు చోటు లేదు. పగలంతా తోటలోనూ ఇంట్లోనూ అణిగి ఉండే స్త్రీలు తమ శరీరం గురించి, కోరికల గురించి తమ నోటితో చెప్పుకున్న రాత్రి అది.

ఈ పాటలే మెల్లగా ఇల్లు దాటాయి. సురినామ్‌లో ద్రౌపతి అనే గాయని 1968లో పెళ్ళిపాటలను రికార్డుగా తెచ్చింది. 1970 ప్రాంతంలో ట్రినిడాడ్‌లో సుందర్ పోపో భోజ్‌పురి, ఇంగ్లీషు కలిపి పాడాడు. దీనికి 'చట్నీ' సంగీతమని పేరొచ్చింది. అదే కాలంలో ఆఫ్రికన్ సంతతి కళాకారుడు లార్డ్ షార్టీ కలిప్సో పాటలో భారతీయ వాద్యాలను, లయలను చేర్చాడు. ఇవాళ కార్నివాల్‌లో దేశమంతా ఆడే 'సోకా' సంగీతం అలా తయారైంది. 1980లలో బొంబాయి గాయని కాంచన్, ఆమె భర్త బాబ్లా ఈ చట్నీ పాటలను కొత్తగా రికార్డు చేశారు. కూలీలతో ఓడ ఎక్కిన పాట అలా క్యాసెట్లలో ఇండియాకు తిరిగొచ్చింది.

1987లో ద్రూపతీ రామ్‌గూనాయ్ అనే యువతి 'చట్నీ సోకా' అనే పాట పాడింది. ఆ పేరే ఒక సంగీత రీతికి స్థిరపడింది. దానితో పెద్ద గొడవ మొదలయింది. భారతీయ స్త్రీ కార్నివాల్ వేదిక ఎక్కడమేమిటి, ఆఫ్రికన్ల పాటతో కలవడమేమిటి అని పత్రికల్లో దుమ్మెత్తిపోశారు. 1990లలో చట్నీ సభల్లో సామాన్య స్త్రీలు, నడివయసు వాళ్ళు కూడా, అందరి ముందు ఆడడం మొదలుపెట్టినప్పుడు ఇది అశ్లీలమని, మన సంస్కృతి మంట కలుస్తోందని మతపెద్దలు గోల చేశారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆలోచించండి. అదే ఆట నాలుగు గోడల మధ్య ఆడినప్పుడు ఎవరికీ అభ్యంతరం లేదు. అప్పుడది సంప్రదాయం. స్త్రీలు తమంతట తాము వీధిలోకి తెచ్చినప్పుడు అశ్లీలమైంది. అంటే బాధ ఆట గురించి కాదు, అది ఎవరి అదుపులో ఉందన్నదాని గురించి.

ఇంకో సంగతి. ట్రినిడాడ్‌లో హిందూ వివాహాలకు 1945లో గానీ చట్టబద్ధత రాలేదు. అది సాధించుకోవలసిన హక్కే. కానీ ఆ వివాహ చట్టాల ప్రకారం హిందూ బాలికకు 14 ఏళ్ళకు, ముస్లిం బాలికకు 12 ఏళ్ళకే పెళ్ళి చేయవచ్చు. స్త్రీల సంఘాలు పోరాడగా 2017లో గానీ అందరికీ 18 ఏళ్ళు కాలేదు. అప్పుడు కూడా కొందరు మతపెద్దలు 'మా సంస్కృతి' అంటూ అడ్డుపడ్డారు. పద్నాలుగేళ్ళ పిల్ల పెళ్ళికి లేని సిగ్గు, నలభై ఏళ్ళ స్త్రీ నడుము కదిపితే వచ్చింది!

మన దగ్గర జరిగింది వేరా? 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ నిషేధ చట్టం తెచ్చింది. బాలికలను దేవుడికి అంకితం చేసే ఆచారం పోవలసిందే. కానీ తరతరాలుగా ఆ విద్యను కాపాడిన కలావంతుల స్త్రీలు అవమానంతో ఇళ్ళకు పరిమితమయ్యారు. నాట్యమేమో పై కులాల ఆడపిల్లల చదువులో భాగమై గౌరవం పొందింది. కళకు మర్యాద దక్కింది, కళాకారిణికి దక్కలేదు.

కార్యకర్తలుగా మనం చేయగలిగిన పని ఉంది. మీరు పనిచేసే ఊళ్ళలో ముసలమ్మల దగ్గరున్న పెళ్ళిపాటలు, నాట్ల పాటలు రాసుకోండి. మోటుగా ఉన్నాయని దిద్దకండి. పాడినామె పేరు రాయండి. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన స్త్రీలను జీతం బాకీల గురించే కాదు, అక్కడ ఏం పాడుకున్నారో, ఎవరెవరు కలిసి పాడుకున్నారో కూడా అడగండి. 'మన సంస్కృతి' అని ఎవరైనా గొంతు పెంచినప్పుడు రెండే ప్రశ్నలు వేయండి: దీన్ని ఎవరు తయారుచేశారు? ఎవరు నోరు మూసుకోవాలని మీరంటున్నారు? చాలాసార్లు రెండింటికీ జవాబు ఆ స్త్రీలే అవుతారు.