జ్ఞానదంతం తీయించుకునే ముందు

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మొన్న ఫోన్ చేసి, "డాక్టరుగారూ, డి.ఏ. బకాయిల మీద మాట్లాడేవాళ్ళకు మనలో కొదవ లేదు, మీరు పళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. అన్ని పళ్ళ గురించీ చెప్పాలంటే పొద్దుపోతుంది. కనుక ఒక్క పన్ను గురించే మనవి చేస్తాను. అది జ్ఞానదంతం. పైన రెండు, కింద రెండు, దవడ చివరన అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చే పన్ను.

1979లో దంతవైద్యుడిగా ప్రభుత్వ సర్వీసులో చేరి 2013లో రిటైరయ్యాను. ఇన్నేళ్ళలో ఎన్ని పళ్ళు తీశానో లెక్క పెట్టుకోలేదు గానీ, ఒక్క పన్ను మాత్రం నేటికీ మరుపు రాలేదు. ఆ కథతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అందులో తప్పు నాది.

1983లో నేనొక తాలూకా ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఒక ఉపాధ్యాయిని, ముప్పై ఏళ్ళుంటాయి, కింది జ్ఞానదంతం అడ్డంగా ఇరుక్కుని నోరు తెరవలేని స్థితిలో వచ్చారు. మందులిచ్చి, వాపు తగ్గాక పిలిపించి పన్ను తీశాను. ఆ రోజుల్లో మాకు ఉలి, సుత్తే సాధనాలు. గంటసేపు కష్టపడ్డాను, పన్ను వచ్చింది. నా పని అయిపోయిందనుకున్నాను. మూడోనాడు ఆమె భర్త పరుగున వచ్చాడు. "సార్, మా ఇంటామెకు పెదవి సగం తెలీటం లేదు. కాఫీ తాగితే కారిపోతా ఉంది. అందరూ పక్షవాతం అంటా ఉండారు, పసరు పోసే ఊరికి తీసుకపోతా ఉండాం" అన్నాడు. ఇంటికి వెళ్ళి చూశాను. పక్షవాతం కాదు. కింది దవడ ఎముకలో ఒక నరం వెళుతుంది. పెదవికి, గడ్డానికి స్పర్శ ఇచ్చేది అదే. జ్ఞానదంతం వేళ్ళు దానికి దగ్గరగా ఉంటాయి. పన్ను తీసేటప్పుడు అది నలిగింది. మూడు నెలలకు స్పర్శ తిరిగి వచ్చింది. కానీ ఆమె ఆ మూడు నెలలూ అద్దం ముందు కూర్చుని ఏడ్చారట. తర్వాత నాతో ఒకే మాట అన్నారు: "ముందే చెప్పుంటే భయపడేవాళ్ళం కాదు గదా సార్."

ముందే చెప్పలేదు. చెబితే భయపడి తీయించుకోరేమోనని మానేశాను. ఆ రోజు నుంచి పన్ను పట్టుకునే ముందు పది నిమిషాలు మాట్లాడడం అలవాటు చేసుకున్నాను. ఇప్పుడు నేను చెప్పేదంతా ఆ పది నిమిషాల మాటే. డాక్టరు మీకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి, మీరు డాక్టరుకు చెప్పాల్సినవి అంతకన్నా ఎక్కువ ఉన్నాయి.

ముందు ఈ పన్ను సంగతి. మామూలుగా 17 నుంచి 25 ఏళ్ళ మధ్య వస్తుంది. బుద్ధి వచ్చే వయసు గనుక మనం జ్ఞానదంతం అన్నాం, పక్కనున్న తమిళులూ ఆ పేరే పెట్టుకున్నారు. జపాను వాళ్ళు మాత్రం 'తల్లిదండ్రులకు తెలియనిది' అనే అర్థం వచ్చే పేరు పెట్టారట. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక వస్తుంది కదా, అందుకని. కొందరికి ఒకటో రెండో అసలు పుట్టవు, అది లోపమేమీ కాదు. చాలామందికి దవడలో చోటు చాలక పన్ను వాలిపోయి ముందున్న పన్నుకు తగులుకుని ఆగిపోతుంది. సగం బయటికి, సగం చిగురు కింద. ఆ చిగురు సందులో అన్నం మెతుకులు చేరి చీము పడుతుంది. దవడ వాస్తుంది, నోరు తెరుచుకోదు. మనవడికి సరిగ్గా పరీక్షల ముందే వచ్చిందని చెప్పే తాతలు మీలోనే ఉన్నారు.

అయితే జ్ఞానదంతం కనిపించిందల్లా పీకించాల్సిందేనా? కాదు. మాటిమాటికీ చీము పట్టినా, పుచ్చిపోయినా, ముందు పన్నును పాడుచేస్తున్నా, చుట్టూ తిత్తి కట్టినా తీయాలి. ఏ బాధా పెట్టకుండా, ఎక్స్‌రేలో ఏ చెడూ కనిపించకుండా పడుకుని ఉన్న పన్నును ఊరికే తీయవద్దని బ్రిటన్‌లో 2000లోనే ప్రభుత్వ మార్గదర్శకాలు వచ్చాయి. అమెరికాలో మాత్రం కుర్రవయసులోనే ముందుజాగ్రత్తగా తీసేయడం ఎక్కువ. జ్ఞానదంతం తోసినందువల్లే ముందుపళ్ళు వంకరపోతాయని మనవాళ్ళలో గట్టి నమ్మకం ఉంది గానీ దానికి సరైన ఆధారం లేదు. పై పన్ను తీస్తే చూపు పోతుందన్నది మరో నమ్మకం. సర్వీసంతా ఈ ప్రశ్నకు జవాబు చెబుతూనే ఉన్నాను. కంటి నరం వేరు, పంటి నరం వేరు. చూపు పోదు.

ఒక మాట పిల్లలకు. తీయక తప్పదని తేలితే వాయిదాలు వేయకండి. ఇరవైల్లో ఎముక మెత్తన, వేళ్ళు పొట్టి, పుండు త్వరగా మానుతుంది. అరవైల్లో అదే పన్ను గోడలో దిగిన మేకులాంటిది. అమెరికాకు చదువుకు వెళ్ళే పిల్లలు అక్కడి ఖర్చుకు భయపడి విమానం ఎక్కే ముందు పంటి డాక్టరు దగ్గరికి వస్తున్నారు. మంచిదే. కానీ ప్రయాణానికి రెండు రోజుల ముందు వస్తే ఏ డాక్టరూ చేయి పెట్టడు. కనీసం మూడు నాలుగు వారాలైనా ముందు రండి.

మన వయసు వాళ్ళకు ఇంకో వింత ఉంది. పళ్ళన్నీ ఊడి కట్టుడు పళ్ళు పెట్టుకున్న ఒక అవ్వను కొడుకు నా దగ్గరికి తీసుకొచ్చాడు. డెబ్బై ఏళ్ళకు కొత్త పన్ను మొలిచింది, ఇంటికి కీడేమోనని అతని భయం. కీడు కాదు, కొత్త పన్నూ కాదు. యాభై ఏళ్ళుగా లోపల దాగిన జ్ఞానదంతమే. పైనున్న ఎముక అరిగేసరికి బయటపడింది. కట్టుడు పళ్ళ సెట్టు ఒకచోట గుచ్చుతుంటే, సెట్టు వదులైందని ఊరుకోకుండా ఒకసారి ఎక్స్‌రే తీయించండి.

ఇక మీరు డాక్టరుకు చెప్పాల్సినవి. ఇది కొంచెం నిదానంగా వినమని ప్రార్థన. మన సంఘ సభ్యుడే ఒకాయన, పేరు చెప్పను, గుండెకు స్టెంటు వేయించుకున్నారు. జ్ఞానదంతం పుచ్చింది. తీయించుకోవాలనుకున్నారు. సాయంకాలం నడకలో స్నేహితులు, "రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నావు, పన్ను తీస్తే రక్తం నిలవదు, పది రోజులు ఆపేయ్" అన్నారు. ఏ డాక్టరునూ అడగకుండా రెండు మాత్రలూ ఆపేశారు. నాలుగోనాటి రాత్రి గుండెనొప్పి. దైవం మేలు, వేళకు ఆసుపత్రికి చేర్చారు, బతికి బయటపడ్డారు. పన్ను మాత్రం అలాగే ఉండిపోయింది. ఆరు నెలలు దాటాక, గుండె డాక్టరుతో మాట్లాడి, మాత్రలు ఆపకుండానే దాన్ని తీశారు. కుట్లు వేసి, గాజుగుడ్డ కరిపించి ముప్పావుగంట కూర్చోబెడితే రక్తం నిలిచింది.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మాత్రలు సాధారణంగా ఆపనక్కరలేదు. పంటి నుంచి రక్తం కారితే అదిమిపెట్టి ఆపగలం. గుండె రక్తనాళంలో గడ్డ కడితే అంత సులువు కాదు. వాల్వు మార్చుకుని వార్ఫరిన్, ఎసిట్రామ్ వంటివి వేసుకునేవారు పన్ను తీసే ముందు ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష చేయించి చూపాలి. అలాంటివారికి గుండెకు చీము సోకకుండా ముందుగానే ఒక మోతాదు యాంటీబయాటిక్ కూడా ఇవ్వాలి. అందుకే వాల్వు సంగతి దాచకూడదు.

ఆడవాళ్ళు ముఖ్యంగా వినాలి. ఎముకలు గుల్లబారాయని వారానికొక మాత్ర గానీ, ఏడాదికొక సూది గానీ వేయించుకుంటూ ఉంటారు. అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్ అని పేర్లు. ఈ మందుల మీద ఉన్నవారిలో కొందరికి పన్ను తీసిన చోట దవడ ఎముక మానకుండా చచ్చుబడిపోవచ్చని 2003 నుంచి వైద్యలోకం గుర్తించింది. క్యాన్సరుకు పెద్ద మోతాదులో ఎక్కించుకునేవారికి ఈ ప్రమాదం ఎక్కువ, మిగతావారికి చాలా తక్కువ. అయినా చెప్పి తీరాలి. ఎముకల మందుకూ పంటికీ సంబంధమేమిటని ఎవరూ చెప్పరు. ఏడాది కిందట వేసుకున్న సూది అసలు గుర్తే ఉండదు. బతికున్నామని ఏటేటా ట్రెజరీకి సర్టిఫికెట్ ఇస్తాం గదా, అంత జాగ్రత్తగా మీ మందుల చీటీలన్నీ ఒక సంచిలో వేసి పంటి డాక్టరు బల్ల మీద పెట్టండి. ఏది అవసరమో ఆయన చూసుకుంటాడు.

చక్కెర జబ్బువాళ్ళు వేళకు తిని, మందు వేసుకుని, ఉదయం పూట రండి. మన తిరుపతిలో శనివారం ఒక్కపొద్దు ఉండి, ఖాళీ కడుపుతో వచ్చి కుర్చీలో కళ్ళు తిరిగి పడిపోయినవారిని ఎందరినో చూశాను. మత్తుమందిచ్చి పూర్తిగా నిద్రపుచ్చే ఆపరేషను అయితేనే పస్తుండాలి. మామూలు పంటి సూదికి అక్కరలేదు. స్వామివారు వచ్చే శనివారం వరకు ఆగుతారు.

మీరు డాక్టరును అడగాల్సినవి కూడా ఉన్నాయి. ఎందుకు తీస్తున్నారు? తీయకపోతే ఏమవుతుంది? వేళ్ళు నరానికి ఎంత దూరంలో ఉన్నాయి? ఓ.పి.జి. అని దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే ఉంటుంది, అందులో చూపించమనండి. మరీ దగ్గరగా ఉంటే స్కాను తీస్తారు. కొన్నిసార్లు పైభాగం మాత్రం కోసి వేళ్ళను లోపలే వదిలేస్తారు. పెదవి తిమ్మిరి నూటికి కొద్దిమందికే వస్తుంది, వచ్చినా చాలామందికి వారాల్లో, నెలల్లో పోతుంది. శాశ్వతంగా ఉండిపోయేది నూటికి ఒకరికన్నా తక్కువ. ఖర్చెంత, మన హెల్త్ కార్డు మీద ఎంతవరకు వస్తుంది అని అడగడానికీ మొహమాటపడకండి.

కుర్చీలో జరిగేది కొంచెమే. సూది వేశాక నొప్పి తెలియదు, అదుముతున్నట్టు మాత్రం తెలుస్తుంది. నొప్పి తెలిస్తే చేయి ఎత్తండి, ఇంకో సూది వేస్తారు. ఓర్చుకోవడం గొప్ప కాదు. ఇప్పుడు ఉలి, సుత్తి అక్కరలేదు. నీళ్ళు చిమ్మే మరతో ఎముక కొంచెం తొలిచి, పన్నును ముక్కలు చేసి తీసి కుట్లు వేస్తారు.

కష్టమంతా ఇంటికి వచ్చాకే. గాజుగుడ్డ ముప్పావుగంట, గంట గట్టిగా కరిచిపెట్టండి. ఉమ్మకండి, మింగేయండి. ఉమ్మితే గడ్డ ఊడి రక్తం మళ్ళీ మొదలవుతుంది. ఎంగిలిలో ఎరుపు కనిపిస్తే అదంతా రక్తమని బెదిరిపోవద్దు. మొదటిరోజు బుగ్గ మీద బయట ఐసు పెట్టాలి. వేడి కాపడం వద్దు. ఆ రోజు పుక్కిలించకూడదు. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు, పుక్కిలించినట్టు కాక నోట్లో నిలిపి వదలాలి. వాపు రెండో రోజు, మూడో రోజు పెరిగి తర్వాత తగ్గుతుంది. చల్లారిన రాగిజావ, మజ్జిగన్నం, మెత్తటి ఇడ్లీ తినండి. సంకటి ముద్ద, ఊరిమిండి నాలుగు రోజులాగి తినొచ్చు. వారం దాకా అలిపిరి మెట్లెక్కే మొక్కు పెట్టుకోకండి.

బీడీ, సిగరెట్టు, వక్కాకు, పుగాకు, పళ్ళకు రుద్దే నశ్యం, ఇవన్నీ కనీసం వారం బంద్. మూడో రోజుకు తగ్గాల్సిన నొప్పి తగ్గకుండా చెవిలోకి పోటు పొడుస్తుంటే, గుంటలో గడ్డ పోయి ఎముక బయటపడిందని అర్థం. పొగతాగేవాళ్ళలో ఇది ఎక్కువ. డాక్టరు గుంట కడిగి లవంగనూనె కలిసిన మందు పెడితే గంటలో హాయిగా ఉంటుంది. ఇంట్లో మీరే లవంగనూనె పోసుకుంటే చిగురు కాలుతుంది. ఆస్పిరిన్ మాత్ర నలిపి పంటిపక్కన పెట్టుకునేవారున్నారు, దాంతోనూ కాలుతుంది. నొప్పికి పారాసిటమాల్ మేలు. మూత్రపిండాల జబ్బు, రక్తపోటు ఉన్నవారు దుకాణంలో అడిగి తెచ్చిన నొప్పి బిళ్ళలు మింగవద్దు.

ఒకటి మాత్రం ఆలస్యం చేయరానిది. దవడ కింద వాపు గట్టిపడి మెడవైపు దిగినా, నాలుక పైకి లేచినా, గుటక పడకపోయినా, ఊపిరి బరువైనా, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి. తిరుపతివారైతే రుయాకు, చిత్తూరువారైతే జిల్లా ఆసుపత్రికి గానీ వేలూరుకు గానీ, ఏది ముందు చేరగలిగితే దానికి. పొద్దున చూద్దామంటే ఊపిరి ఆడక ప్రాణం పోవచ్చు. ఇది పన్ను తీశాకే కాదు, తీయించుకోకుండా నాన్చినా వస్తుంది. అరగంటకోసారి గాజుగుడ్డ మార్చి అదిమినా రక్తం ఆగకపోతే అప్పుడూ వెళ్ళాల్సిందే.

భోజనాలకు ఇంకా ఇరవై నిమిషాలు ఉందని కార్యదర్శిగారు చీటీ పంపారు. అడగదలచినవారు అడగండి. మందుల చీటీలు వెంట తెచ్చుకున్నవారు భోజనం తర్వాత ఆ కిటికీ పక్కకు రండి, కలిసి చూద్దాం. సెలవు.