కరణం గారి మూట



కార్యాలయాల్లో మార్పు వస్తే సిబ్బంది ఎందుకు అడ్డుపడతారో మాట్లాడమన్నారు. నేను రెవెన్యూలో గుమాస్తాగా చేరినవాణ్ణి. నా అనుభవమే చెబుతాను.

1984 జనవరిలో రామారావు గారి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కరణం, మునసబు ఉద్యోగాలను రద్దు చేసింది. వాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1985లో ఓడారు. అదే ఏడు తాలూకాలు పోయి, మన దొరవారిసత్రం లాంటి మండలాలు వచ్చాయి. వంశపారంపర్య పెత్తనం పోవలసిందే. ఆ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

రికార్డులు స్వాధీనం చేసుకోవడానికి నన్నొక ఊరికి పంపారు. కరణం గారు అడంగళ్లన్నీ గుడ్డలో మూటకట్టి అరుగు మీద పెట్టారు. "అబ్బాయా, ఇందులో రాయనివి కొన్ని ఉండాయి. కాసేపు కూర్చుంటే చెబుతా" అన్నారు. నేను కూర్చోలేదు. రసీదు రాసిచ్చి సైకిలెక్కాను. ఆ పదవి మీద కోపంతో ఆయనకు తెలిసినదాన్నీ వద్దనుకున్నాను.

ఆ నవంబరులోనే శ్రీహరికోట దగ్గర తుఫాను తీరం దాటింది. పంట నష్టం జాబితా అడంగలు చూసి రాశాను. ఒక వితంతువు చేను రికార్డులో మరిది పేరున ఉంది. నోటిమాట పంపకం, ఊరందరికీ తెలుసు, నాకు తప్ప. డబ్బు మరిదికి వెళ్లింది. అప్పుడు కరణం గారింటికి వెళ్లాను. ఆయన ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. మూడు సాయంత్రాలు కూర్చోబెట్టి చెబితే నోటు పుస్తకంలో రాసుకున్నాను. జాబితా మాత్రం అప్పటికే పైకి పోయింది. ఆమెకు ఏమీ రాలేదు.

ఇక రెండో కథ. నా సర్వీసు చివర్లో అడంగళ్లు కంప్యూటరులోకి ఎక్కించారు. తప్పులు పడతాయని అందరి దగ్గరా వాదించాను. కొన్ని పడ్డాయి కూడా. కానీ నా అసలు దిగులు వేరు. రైతులు ఇక నా బల్ల దగ్గరకు రారని. నోటు పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేశాను. (మొన్న జీవన్ ప్రమాణ్‌కు వేలిముద్ర వెయ్యమంటే మనలో ఎవరెవరు సణిగారో పేర్లు చెప్పను లెండి.)

ఒకరోజు ఆపరేటరు అమ్మాయి తన పక్కన స్టూలు వేసి, "సార్, ఈ సర్వే నంబరు నిజంగా ఎవరి సాగులో ఉందో మీకే తెలుసంట, కూర్చోండి" అంది. ఈసారి కూర్చున్నాను. బీరువా తెరిచి పుస్తకం ఆమె ముందు పెట్టాను. అందులో మొదటి పదిహేను పేజీలు కరణం గారు చెప్పినవే.