రోడ్డుకో ఖాతా



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ పెద్దాయన జీవితమంతా రోడ్ల పనిలోనే గడిచింది. నన్ను పిలవడానికి వచ్చిన ఆయన పిల్లలు ఒక్కటే కోరారు: "నాన్నగారిని పొగడొద్దండి, రోడ్ల గురించి మాట్లాడండి." ఆ మాట మన్నించి నేరుగా విషయంలోకి వస్తున్నాను.

కాకినాడ నుంచి ఉప్పాడకు వచ్చే బీచ్ రోడ్డు సంగతి మీకు నేను చెప్పేదేముంది? 2022లో అసని, 2023లో మిచాంగ్, 2025లో మొంథా. తుపాను పేరే మారుతుంది. అలలు రోడ్డెక్కుతాయి, తారు పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది, పోలీసులు అడ్డుకట్టి బళ్లను పిఠాపురం మీదుగా తిప్పుతారు. గాలి తగ్గాక లారీల్లో బండరాళ్లు వస్తాయి. రాళ్లు పోసి, మెటల్ పరిచి, పైన ఒక పూత వేసి రోడ్డు వదులుతారు. పదిహేనేళ్ల కిందట ఇసుక నింపిన జియోట్యూబులతో గోడ కూడా కట్టారు. సముద్రం దాన్నీ చీల్చింది.

సముద్రం ఎందుకు ముందుకొస్తోందో క్లుప్తంగా చెబుతాను. డెల్టా తీరాన్ని నిలబెట్టేది నది మోసుకొచ్చే ఒండ్రు. గోదావరి మీద, దాని ఉపనదుల మీద కట్టిన ఆనకట్టల వెనక ఆ ఒండ్రు చాలావరకు ఆగిపోతోంది. కాకినాడకు హోప్ ఐలాండ్ అడ్డుగా ఉంది. ఉప్పాడ ఆ అడ్డు దాటిన చోట ఉంది కాబట్టి అలల దెబ్బ నేరుగా తగులుతుంది. ఇది ఏటా వచ్చే దెబ్బ, అందరికీ ముందే తెలిసిన దెబ్బ. అయినా దానికి డబ్బు మాత్రం ప్రతిసారీ అనుకోని ఆపదకు తెచ్చినట్టే తెస్తున్నాం.

ఆ డబ్బు వచ్చే దారులు చూడండి. తుపాను తర్వాత చేసే తక్షణ మరమ్మతుకు రాష్ట్ర విపత్తు స్పందన నిధి ఉంది. అందులో 75 శాతం కేంద్రానిది, 25 శాతం రాష్ట్రానిది. ఆ నిధి తెగిన దారిని అప్పటికి కలపడానికే, పది కాలాలు నిలిచే గోడ కట్టడానికి కాదు. పదిహేనో ఆర్థిక సంఘం నదుల, తీరాల కోతను దృష్టిలో పెట్టుకుని 2021–26 కాలానికి దేశం మొత్తానికి 2,500 కోట్ల రూపాయలు విడిగా సూచించింది. అందులో 1,500 కోట్లు కోతను ఆపడానికి, 1,000 కోట్లు ఇళ్లు పోయినవాళ్లకు వేరే చోట నీడ చూపడానికి. ఇక రోడ్డు మీద తారు రోడ్లు భవనాల శాఖ పద్దు. ఇలా రాళ్లు ఒక పద్దులో, తారు ఇంకో పద్దులో, గోడ మరో పద్దులో ఉన్నాయి. పదేళ్లలో ఈ ఒక్క రోడ్డుకు మొత్తం ఎంత పెట్టాం, ఆ డబ్బుతో మొదటే గట్టి గోడ కట్టగలిగేవాళ్లమా, లేక రోడ్డునే లోపలికి జరపాల్సిందా? ఈ లెక్క వేసి జనం ముందు పెట్టే చోటు ఒక్కటీ లేదు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఈ లోటు గురించే. ప్రతి ముఖ్యమైన రోడ్డుకూ, వంతెనకూ పుట్టినప్పటి నుంచి ఒక ఖాతా ఉండాలి. దాని మరమ్మతు డబ్బు మరే పనికీ మళ్లించకుండా చట్టం కాపాడాలి.

రోడ్లు భవనాల శాఖ కింద మన రాష్ట్రంలో దాదాపు 45 వేల కిలోమీటర్ల రోడ్లున్నాయి. కొత్తవి వేయడానికి అప్పు పుడుతుంది. బ్రిక్స్ దేశాల న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకు మండల కేంద్రాలను కలిపే రోడ్లకూ, వంతెనల పునర్నిర్మాణానికీ కలిపి 64.6 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. పల్లె రోడ్లకు ఏషియన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు 2018లో 45.5 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. ఈ అప్పులు తప్పని నేననను. కానీ వేసిన రోడ్డును ఏటా చూసుకునే డబ్బు ఆ అప్పులో ఉండదు. అది బడ్జెట్ మిగులు మీద ఆధారపడుతుంది, మిగులు ఏ ఏడూ ఉండదు. తాటాకు ఇల్లున్నవాడు కప్పు ఖర్చును ముందే పక్కన పెట్టుకుంటాడు, వాన పడ్డాక ఆకు కోసం అప్పుకు వెళ్లడు. ప్రభుత్వానికి ఆపాటి ముందుచూపు చట్టంతో రావాలి. దక్షిణాఫ్రికా జాతీయ రోడ్ల సంస్థ అంచనా ఒకటుంది: మరమ్మతును మూడేళ్లు వాయిదా వేస్తే ఖర్చు ఆరింతలు, ఐదేళ్లు వేస్తే పద్దెనిమిది ఇంతలు అవుతుందని. మన నల్లరేగడి నేలలో, కాలవ గట్ల మీద నడిచే రోడ్లకు ఆ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుందని నా నమ్మకం. రోడ్డు పక్క మట్టి బెర్ము కోసుకుపోయిన మొదటి వానాకాలంలోనే మట్టి వేస్తే సరిపోయేది, మూడో వానాకాలానికి అంచు విరిగి సగం రోడ్డు కాలవలోకి జారుతుంది.

రోడ్డుకు ఎవరు కట్టాలన్న ప్రశ్న ఈ గడ్డకు కొత్త కాదు. మద్రాసు రాష్ట్ర కాలంలో స్థానిక బోర్డులు గేట్లు పెట్టి టోలు వసూలు చేసుకునేవి. గోదావరి పాయల్లో పంట్ల మీద దాటించే రేవులు పాట పాడుకున్నవాళ్ల చేతుల్లో ఉండేవి. మోటారు బళ్లు పెరిగాక ఊరికో గేటు దగ్గర ఆగి కట్టడం కుదరలేదు. 1931 నాటి మద్రాసు మోటారు వాహనాల పన్ను చట్టం ఆ బళ్ల మీద స్థానిక టోళ్లను తీసేసి, వాటి స్థానంలో రాష్ట్రమంతటికీ ఒకే పన్ను తెచ్చింది. టోలు పోగొట్టుకున్న బోర్డులకు పరిహారం ఇచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, 1929లో, జయకర్ కమిటీ చెప్పినట్టు పెట్రోలు మీద గ్యాలనుకు రెండు అణాలు అదనంగా వేసి కేంద్ర రోడ్డు నిధి పెట్టారు. రోడ్డు కోసం పెట్రోలు పన్నును అమెరికాలో మొదట వేసింది 1919లో ఆరెగాన్ రాష్ట్రం. మనం దాదాపు పదేళ్లలోనే అదే దారి పట్టాం. సుంకం చిన్నది, వసూలు తేలిక, ఎక్కువ తిరిగినవాడు ఎక్కువ కడతాడు. ఆ ఆలోచన మంచిది. తర్వాత జరిగిందే బాగోలేదు. 2018లో ఆ నిధిని రోడ్లు, మౌలిక సదుపాయాల నిధిగా మార్చి రోడ్లతో పాటు ఇంకెన్నో పనులకు తెరిచారు. సెస్సు కాబట్టి రాష్ట్రాలకు పంచే పన్నుల మొత్తంలో అది చేరదు. పిఠాపురంలో సామర్లకోట–ఉప్పాడ రోడ్డు మీద రైల్వే పైవంతెనకు సేతుబంధన్ పథకం కింద అందులోంచే మంజూరు వచ్చింది. అది మేలే. కానీ ఇలా ఒక్కో పనికి విడిగా మంజూరయ్యే డబ్బును నమ్ముకుని ఏటేటా మరమ్మతు ప్రణాళిక వేయలేం.

మన రాష్ట్రమూ 2020 సెప్టెంబరులో పెట్రోలు, డీజిలు మీద లీటరుకు రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు వేసింది. ఆ రూపాయి వేయడం సరైన పనే అని నేను గట్టిగా అంటాను. అయితే ఆ రాబడిని చూపించి రోడ్డు అభివృద్ధి కార్పొరేషన్ బ్యాంకు నుంచి దాదాపు 2,000 కోట్లు అప్పు తెచ్చింది. పాత గుంతలు పూడ్చడానికి రాబోయే ఏళ్ల రూపాయిని ముందే ఖర్చు చేశాం. పైగా పాత బిల్లులు రాని కాంట్రాక్టర్లు టెండరు వేయడానికే జంకారు. మీ బండిలో లీటరు పోయించుకున్నప్పుడు కట్టిన రూపాయి ఏ రోడ్డు మీద పడిందో మీకెవరైనా చెప్పారా? చెప్పనప్పుడు రేపు ఇంకో రూపాయి అడిగే హక్కు పోతుంది.

ఇప్పుడు టోలు మాట మళ్లీ వచ్చింది, అదీ మన ఉభయ గోదావరుల్లోనే మొదలుపెడతామని. 2024 నవంబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు శాసనసభలో చెప్పిన పద్ధతి ఇది: రాష్ట్ర రోడ్లను ఏజెన్సీలకు అప్పగించాలి, వాళ్లు బాగుచేసి టోలు తీసుకోవాలి. ఆటోలకు, టూవీలర్లకు, ట్రాక్టర్లకు టోలుండదు. ఊరి నుంచి మండల కేంద్రానికి వెళ్లే దారిలోనూ ఉండదు. కార్లు, బస్సులు, లారీలు కట్టాలి. పేదవాడిని వదిలిన ఆ ఆలోచనను నేను గౌరవిస్తాను. అయినా డెల్టాలో ఇది నడవదని నా అభిప్రాయం.

పెద్ద వంతెనకు టోలు సబబే. రాజమహేంద్రవరం దగ్గర 2015 పుష్కరాలకు తెరిచిన నాలుగో వంతెనను అలాగే కట్టారు, ప్రభుత్వం కొంత గ్రాంటు కూడా ఇచ్చింది. అక్కడ చిన్న బండివాడికి 1974 నాటి రోడ్ కం రైల్ బ్రిడ్జి ఇంకో దారిగా ఉంది. కోనసీమలో కాలవ గట్టు రోడ్డుకు ఇంకో దారి ఎక్కడుంది? టోలు తప్పించుకునే లారీ పక్క ఊరి సందులో దూరి పంచాయతీ సిమెంటు రోడ్డును విరగ్గొడుతుంది. మినహాయింపులన్నీ పోగా మిగిలిన కొద్దిపాటి బళ్ల నుంచి గేటు జీతాలు, ఏజెన్సీ లాభం, అప్పు వడ్డీ అన్నీ రావాలి. రాకపోతే ఆ తేడా ప్రభుత్వమే పూడ్చాలి. ఎలాగూ ప్రభుత్వమే కట్టేటప్పుడు మధ్యలో గేటు దేనికి?

ఏజెన్సీకి ఏళ్ల తరబడి అప్పగించడం మాత్రం మంచి ఆలోచనే. 2009లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన రాష్ట్ర రోడ్ల ప్రాజెక్టులోనే దాన్ని చేసి చూశాం. దీర్ఘకాలిక మరమ్మతు కాంట్రాక్టు అది. పూడ్చిన గుంతకు ఇంతని బిల్లు ఉండదు. రోడ్డు చెప్పిన స్థితిలో ఉంటే ప్రతి నెలా డబ్బు, గుంత పడి గడువులో పూడ్చకపోతే కోత. గుంతలు పడితే కాంట్రాక్టరుకు నష్టం, పడకపోతే లాభం. గేట్లు లేకుండా, సెస్సు డబ్బుతో ఈ పద్ధతిని ఉభయ గోదావరుల్లో నడపమని నా విన్నపం.

ఇక బరువు సంగతి. దీని మీద కాస్త ఎక్కువ సేపు నిలుస్తాను, ఎందుకంటే న్యాయం ఇక్కడే ఉంది. 1958–60 మధ్య అమెరికాలోని ఇల్లినాయిలో రోడ్ల మీద లారీలు తిప్పి చేసిన పరీక్షలో ఒకటి తేలింది. ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకు జరిగే నష్టం రెండింతలు కాదు, దాదాపు పదహారింతలు. మన దేశంలో 2018లో నాలుగు టైర్ల ఒంటి ఇరుసు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. బరువు పెరిగింది ఎనిమిదో వంతు. పై లెక్కన రోడ్డుకు నష్టం అరవై శాతం పెరుగుతుంది. అదీ పరిమితి పాటించిన లారీతో. భీమవరం వైపు ఐసు నీళ్లు కార్చుకుంటూ పోయే రొయ్యల లారీ, కాకినాడ పోర్టుకు బియ్యం తోలే లారీ, ఇసుక టిప్పరు మన రోడ్డును అరగదీస్తున్నాయి. ఉప్పాడ నేతగాడు జాందానీ చీర మూట పెట్టుకుని వెళ్లే స్కూటీ ఏమీ అరగదీయదు. కానీ లీటరుకు ఇద్దరూ అదే రూపాయి కడుతున్నారు. లారీ డీజిలు ఎక్కువ తాగే మాట నిజమే, నష్టం మాత్రం అంతకు ఎన్నో రెట్లు. న్యూజిలాండ్ 1978 నుంచి డీజిలు బళ్లకు తిరిగిన దూరాన్నీ, బరువునూ బట్టి రుసుము వేస్తోంది. 2024 ఏప్రిల్ నుంచి విద్యుత్ కార్లనూ అందులో చేర్చింది. మనకూ విద్యుత్ బళ్లు పెరిగిన కొద్దీ లీటరు సెస్సు కరిగిపోతుంది కాబట్టి ఆ దారి ఇప్పుడే చూసుకోవాలి. మొదటి అడుగుగా పోర్టు గేట్ల దగ్గర, ఇసుక రీచుల దగ్గర ఇరుసు తూచే కాటాలు పెట్టి, ఆ రుసుము ఆ బళ్లు నడిచే రోడ్ల ఖాతాకే జమ చేయవచ్చు.

ఖాతాకు కావలసింది ఒక చిన్న చట్టం. లీటరు రూపాయి, బరువు రుసుము, లైఫ్ ట్యాక్సులో నిర్ణీత వాటా అందులో పడాలి. కొత్త పనికి గానీ, అప్పు హామీకి గానీ దాన్ని వాడకూడదు. ఏటా కాగ్ ఆడిట్ నివేదికతో పాటు ప్రతి రోడ్డుకు ఎంత వచ్చింది, ఎంత పెట్టారు అన్నది ఆ మండల కార్యాలయం గోడ మీద రాయాలి. తీరం రోడ్లకు విపత్తు నిధి నుంచి పోసిన ప్రతి బండరాయి ఖర్చూ అదే ఖాతాలో ఎక్కాలి. అప్పుడే సముద్రపు గోడకూ ఏటా పోసే రాళ్లకూ ఏది చవకో ఎవరైనా లెక్క చూసి చెప్పగలరు.

ఉప్పాడలో ఫిషింగ్ హార్బరు, కోనపాపపేట దగ్గర పోర్టు తయారవుతున్నాయి. అవి నడక మొదలుపెట్టిన రోజు నుంచి ఈ రోడ్డు మీద ఇరుసుల బరువు ఇప్పటిలా ఉండదు. ఆ లారీలు కదలకముందే మొదటి ఖాతా కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డుకు తెరవమని, మొదటి కాటా ఆ పోర్టు గేటు దగ్గరే పెట్టమని ప్రభుత్వాన్ని ఈ వేదిక మీద నుంచి అడుగుతున్నాను.