శాఖ ఎవరిది? సభ్యత్వ సంఘాల దేశాంతర విస్తరణలో తేలని తగవు

లాభాపేక్ష లేని సభ్యత్వ సంఘం, అంటే చందా కట్టే సభ్యులే యజమానులై, మిగిలిన సొమ్మును పంచుకోకుండా సంఘ లక్ష్యానికే వినియోగించే సంస్థ, పుట్టిన దేశం దాటి మరో దేశంలో అడుగుపెట్టినప్పుడు డబ్బు, భాష, దూరం వంటి ఇబ్బందులన్నిటికంటె ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: అక్కడ ఏర్పడిన శాఖ ఎవరిది? శాఖను పెట్టమని అధికారపత్రమిచ్చిన కేంద్రానిదా, చందా కట్టి నడుపుతున్న స్థానిక సభ్యులదా అన్న ఈ ప్రశ్నకు రాతపూర్వకమైన సమాధానం లేకుండా విస్తరించిన సంఘాలు ఎంత ఉన్నతాశయాలతో మొదలైనా చీలిపోయాయనీ, ఆ చీలికలను వ్యక్తుల గుణదోషాలకు అంటగట్టడం చరిత్రకారులకు అలవాటైపోయిందనీ నిరూపించడమే ఈ ఉపన్యాసం ఉద్దేశం.

ఇందుకు అవకాశమిచ్చిన ధర్మకర్తల మండలికి ఉపన్యాసకర్త కృతజ్ఞుడు. ఈ ధర్మనిధి ఎవరి పేరున ఏర్పడిందో ఆ పెద్దమనిషి పాండిత్యాన్ని గురించి ఇంతకు ముందటి వక్తలు చెప్పవలసినదంతా చెప్పారు కనుక ఒక్క సంగతి మాత్రం చేర్చవచ్చు. ఆయన తన సంఘానికి కోశాధికారిగా ఉన్నన్నాళ్లూ చందా బకాయిపడిన వారి పేర్లను నోటీసుబోర్డు మీద అతికించేవారు. ఆ జాబితాలో ఆయన సొంత బావమరిది పేరు తరచుగానూ, ఈ ఉపన్యాసకర్త పేరు ఒక ఏడాదీ కనిపించాయి. సభ్యుడంటే ఎవరో, ఓటెవరికుందో పుస్తకంలో రాసి ఉండాలన్న ఆ పట్టుదల వల్ల ఆయన కొందరు స్నేహితులను పోగొట్టుకున్నా, ఆయన ఉన్నంతకాలం ఆ సంఘంలో ఎన్నికల వ్యాజ్యం ఒక్కటీ నడవలేదు.

విస్తరణ దారులు పాఠ్యపుస్తకాలలో ఉన్నవే. వేరువేరు దేశాలలో అప్పటికే ఉన్న సంఘాలు ఒక సమాఖ్యగా కలవడం ఒకటి. 1855లో పారిస్‌లో సమావేశమై ఉమ్మడి ప్రాతిపదికను ఒప్పుకున్న వై.ఎం.సి.ఏ.లు ఇందుకు ఉదాహరణ. దేశానికొక్క జాతీయ సంఘాన్నే గుర్తించే రెడ్‌క్రాస్ పద్ధతి మరొకటి. ఒక కేంద్రం చార్టరు, అంటే శాఖగా పనిచేయడానికి అధికారమిచ్చే పత్రం, జారీ చేస్తూ పోవడం మూడవది. 1905లో షికాగోలో పుట్టిన రోటరీ ఈ మూడవ దారినే పట్టి 1910లో కెనడాలోని విన్నిపెగ్‌కూ, మరుసటి ఏడు డబ్లిన్, లండన్ నగరాలకూ చేరింది. ఈ మూడింటిలో ఏది మేలన్న చర్చ మేనేజిమెంటు గ్రంథాలలో కావలసినంత ఉంది కనుక ఇక్కడ దాన్ని పెంచవలసిన పనిలేదు. ఆ గ్రంథాలు పట్టించుకోనిది ఒకటే: చార్టరు పుచ్చుకున్న శాఖ దాన్ని తిరిగి ఇచ్చేసి వెళ్లిపోవచ్చునా? వెళితే తన పేరు, పుస్తకాలు, సభ్యుల పట్టిక వెంట తీసుకుపోవచ్చునా?

ఈ ప్రశ్నకు దివ్యజ్ఞాన సమాజం (థియాసఫికల్ సొసైటీ) కంటె మంచి నిదర్శనం దొరకదు. 1875లో న్యూయార్క్‌లో హెన్రీ స్టీల్ ఆల్కాట్ అధ్యక్షుడుగా, హెలీనా బ్లావట్‌స్కీ, విలియం క్వాన్ జడ్జ్ తదితరులు సహస్థాపకులుగా ఏర్పడిన ఈ సమాజానికి మిగిలిన సంఘాలకు లేని విశేషం ఒకటుంది: కేంద్రం స్వదేశంలో ఉండి శాఖలను విదేశాలకు పంపే బదులు, స్థాపకులే 1879లో బొంబాయికి వచ్చి, 1882 చివర మద్రాసు దగ్గరి అడయారులో స్థిరపడడంతో, పుట్టినచోటు శాఖగానూ, విదేశం కేంద్రంగానూ తారుమారయ్యాయి. అదే 1882 వేసవిలో ఆల్కాట్, బ్లావట్‌స్కీ బకింగ్‌హాం కాలువ మీద పడవలో నెల్లూరుకు వచ్చి, అక్కడినుంచి పెదగంజాం దాకా మళ్లీ పడవలోనూ, ఆపైన పల్లకీలలోనూ గుంటూరు చేరి, రెండు ఊళ్లలోనూ శాఖలు నెలకొల్పారు. ఆ శాఖల సభ్యులు పడవ దిగిన అతిథులను చూశారే గాని, తాము చేరుతున్నది న్యూయార్క్ సంఘంలోనా, అడయారు సంఘంలోనా, గుంటూరు సంఘంలోనా అని అడిగి ఉండరు. అడిగినా ఆనాటి నియమావళిలో నిలకడైన జవాబు లేదు, ఎందుకంటే ఆ నియమావళినే ఏటేటా తిరగరాస్తూ వచ్చారు.

కాలక్రమంలో ఏడుగురు సభ్యులుంటే ఒక శాఖ, ఏడు శాఖలుంటే ఒక సెక్షను అన్న లెక్క స్థిరపడింది. సెక్షను అంటే ఒక దేశంలోని శాఖలన్నీ తమ ప్రధాన కార్యదర్శిని తామే ఎన్నుకునే జాతీయ విభాగం. 1886లో అమెరికా, 1888లో బ్రిటన్, 1891లో భారతదేశం సెక్షన్లయ్యాయి. అమెరికా సెక్షనుకు జడ్జ్ ప్రధాన కార్యదర్శి.

1895లో ఆ అమెరికా సెక్షను విడిపోయిన వైనాన్ని చరిత్రకారులు దాదాపు ఒకే విధంగా చెబుతారు: సమాజం వారు తమ అదృశ్య గురువులుగా నమ్మిన మహాత్ముల పేరిట వచ్చిన ఉత్తరాలను జడ్జ్ తానే రాశాడని సమాజ నాయకులలో ఒకరైన అనీ బెసెంట్ అభియోగం తెచ్చింది, విచారణ తేలలేదు, లండన్ పత్రిక వెస్ట్‌మినిస్టర్ గెజెట్ 1894లో ఎడ్మండ్ గారెట్ వ్యాసాలతో ఆ రచ్చను బజారుకెక్కించింది, అమెరికా వారు తమ నాయకుడి వెనుక నిలిచారు, సమాజం చీలింది. ఆర్థర్ నెథర్‌కాట్ 1960ల దశకంలో వెలువరించిన బెసెంట్ జీవితచరిత్ర స్వభావరీత్యా ఈ కథను ఆమె కోణంనుంచి నడిపింది; జీవితచరిత్ర గనుక దాన్ని తప్పుపట్టలేము. 1938 నాటి జోసెఫిన్ రాన్సం సమాజ చరిత్ర అడయారు పక్షం నుంచి రాసినది కనుక దాని మొగ్గు చెప్పనక్కరలేదు. ఏ పక్షానికీ చెందని బ్రూస్ కాంప్‌బెల్ 1980 నాటి గ్రంథం చదివిన వారికి సైతం ఆ ఉత్తరాలే గుర్తుండిపోతాయి. ఉత్తరాలు లేకపోతే చీలిక లేదన్నది ఈ కథనాల సారాంశం. ఈ ఉపన్యాసకర్త చాలాకాలంగా ఖండిస్తూ వస్తున్నది సరిగ్గా దీన్నే.

మొదటి ఆధారం 1890 నాటిది. అప్పటికి ఉత్తరాల అభియోగమే పుట్టలేదు. ఆ ఏడు లండన్ కేంద్రంగా ఐరోపా శాఖలు తమకు సంబంధించినంతవరకు అధ్యక్షాధికారాలను బ్లావట్‌స్కీకే అప్పగించుకున్నాయి, అడయారులోని ఆల్కాట్ చివరకు ఒప్పుకోక తప్పలేదు. కేంద్రం ఇచ్చిన అధికారాన్ని శాఖలు తామే మరొకరికి మార్చుకోవచ్చునన్న పూర్వనిదర్శనం అప్పుడే ఏర్పడింది. అయిదేళ్ల తరువాత అమెరికా వారు అదే బాటలో మరో అడుగు వేశారు.

రెండవ ఆధారం 1894 జూలైలో లండన్‌లో కూర్చున్న విచారణ సంఘం. జడ్జ్ మీది అభియోగాన్ని విచారించడానికి ఏర్పడిన ఆ సంఘం, సమాజ ఉపాధ్యక్షుడిగా ఆయన అధికారికంగా చేసిన పనులను మాత్రమే తాను విచారించగలననీ, మహాత్ములున్నారా లేరా అన్నదాన్ని తేల్చడమంటే ఏ మతవిశ్వాసాన్నీ నిర్బంధించని సమాజానికి ఒక సిద్ధాంతాన్ని అంటగట్టడమేననీ చెప్పి, తనకు అధికారపరిధి లేదని తేల్చేసింది. ఇది తప్పించుకునే తీర్పని నాటి పత్రికలు ఎగతాళి చేశాయి, నేటికీ కొందరు చేస్తూనే ఉన్నారు. కాని దేశదేశాల సభ్యులున్న సంఘంలో ఒక ఖండపు అధికారిపై మరో ఖండపు సభ్యురాలు తెచ్చిన ఫిర్యాదును వినగల వేదికే లేదన్న సత్యాన్ని అంత స్పష్టంగా ఒప్పుకున్న పత్రం మరొకటి లేదు.

మూడవది, అన్నిటికంటె బలమైనది, 1895 ఏప్రిల్ చివర బోస్టన్‌లో జరిగిన అమెరికా మహాసభ. అత్యధిక సంఖ్యాకుల ఓటుతో సెక్షను స్వతంత్రమై జడ్జ్‌ను జీవితకాలాధ్యక్షుడుగా ఎన్నుకున్నప్పుడు ఆ తీర్మానాలు ఉత్తరాల మాట వదిలి చట్టం మాట ఎత్తుకున్నాయి: 1875 నాటి న్యూయార్క్ సమాజం ఏనాడూ విధిప్రకారం అడయారుకు బదిలీ కాలేదనీ, అడయారులోనిది వాడుకలో నిలిచిన కేంద్రమే తప్ప చట్టబద్ధమైనది కాదనీ వాటి వాదం. స్పెయిన్ పర్యటనలో ఉన్న ఆల్కాట్ జూన్ 5న సరగోసా నుంచి జారీచేసిన ఉత్తర్వులో అదే భాషలో జవాబిచ్చాడు: అమెరికా సెక్షను ఏర్పడిందే తన ఉత్తర్వు మీద, శాఖలు ఇన్నేళ్లూ పనిచేసింది తన సంతకమున్న చార్టర్ల మీద, కాబట్టి విడిపోయిన శాఖల చార్టర్లు రద్దు.

ఇదంతా పైపై ముసుగు, లోపల ఉన్నది వ్యక్తిద్వేషమే అనేవారికి ఒక్క ప్రశ్న చాలు. ముసుగే అయితే ఇరుపక్షాలూ అదే ముసుగును ఎందుకు కప్పుకున్నాయి? ద్వేషం తగవుకు వేడినిచ్చి ఉండవచ్చు గాని, తగవు ఎక్కడ తెగాలో నిర్ణయించింది మాత్రం నియమావళిలోని ఖాళీ. ఆ మాటకొస్తే బోస్టన్ వాదం కూడా నిలవదు. దాదాపు పదేళ్లు ఆల్కాట్ సంతకం ఒప్పుకుని పనిచేసిన శాఖలు ఆ సంతకానికి విలువలేదని ఒక్క పూటలో అనలేవు. అడయారు వాదానికీ పునాది తక్కువే, ఎందుకంటే ఆ సమాజం 1860 నాటి 21వ చట్టం (సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం) కింద మద్రాసులో రిజిస్టరైంది 1905 ఏప్రిల్‌లో. అంటే పుట్టిన ముప్ఫై ఏళ్లకు. అప్పటిదాకా ఖండఖండాలలో చందాలు పోగుచేసిన ఆ కేంద్రానికి న్యాయస్థానం గుర్తించగల స్వరూపం లేదు. పంపకాల పత్రం లేని ఉమ్మడి కుటుంబంలో పెద్దకొడుకెవరన్నది తేల్చినంత మాత్రాన పొలం ఎవరిదో తేలదు.

ఉత్తరాల వాదానికి చివరి జవాబు జర్మనీలో దొరుకుతుంది. 1902 నుంచి జర్మన్ సెక్షనుకు ప్రధాన కార్యదర్శిగా ఉన్న రుడాల్ఫ్ స్టైనర్, మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని రాబోయే జగద్గురువుగా ముందుకు తెచ్చిన ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్‌ను వ్యతిరేకించాడు; ఆ ఆర్డరు సభ్యులకు తమ సెక్షనులో చోటులేదని జర్మన్లు తీర్మానించారు; అప్పటికి అధ్యక్షురాలైన బెసెంట్ 1913లో ఆ సెక్షను చార్టరును రద్దుచేసింది; స్టైనర్ అనుచరులు అంతకు కొద్దివారాల ముందే కొలోన్‌లో ఆంథ్రపసాఫికల్ సొసైటీని ఏర్పరచుకున్నారు. ఇక్కడ జడ్జ్ లేడు, ఆయన 1896లోనే చనిపోయాడు, ఉత్తరాలు లేవు, ఆల్కాట్ 1907లో పోయాడు. మనుషులందరూ మారినా చీలిక మాత్రం చార్టరు రద్దు దగ్గరే మళ్లీ జరిగింది. దీనికి ఉత్తరాల పక్షం వారు ఇంతవరకు జవాబు చెప్పలేదు.

నియమాలున్నా కొట్లాడేవాళ్లు కొట్లాడరా అన్న ఆక్షేపణ తరచుగా వినబడుతుంది. కొట్లాడతారు, సందేహం లేదు. బ్రిటన్, ఐర్లండ్ రోటరీ క్లబ్బులు 1914లోనే సొంత సంఘం పెట్టుకుని షికాగోతో సంవత్సరాల తరబడి పేచీ పడ్డాయి. అయితే 1922లో రోటరీ ఇంటర్నేషనల్ నియమావళిని తిరగరాసినప్పుడు వారి సంఘాన్ని ప్రత్యేక ప్రాదేశిక విభాగంగా అందులోనే చేర్చడంతో పేచీ నియమావళి లోపలికి వచ్చి చల్లబడింది. మరొక కొసన, జడ్జ్ వర్గంలోనే పెరిగిన రాబర్ట్ క్రాస్బీ 1909లో లాస్ ఏంజెలెస్‌లో పెట్టిన యునైటెడ్ లాడ్జ్ ఆఫ్ థియాసఫిస్ట్స్ అధికారులను, నియమావళిని పూర్తిగా వదిలేసి ఒక ప్రకటన మీద సంతకమే సభ్యత్వమన్నది, బి.పి. వాడియా దాన్ని 1929లో బొంబాయికి తెచ్చాడు. ఆస్తి, ఎన్నిక, ప్రాతినిధ్యం లేని చదువుల వేదికకు అది సరిపోవచ్చు గాని, మహాసభలు జరిపి ఓట్లు వేయించే సంఘాలకు పనికిరాదు.

ఇంతగా దివ్యజ్ఞాన సమాజాన్ని తవ్వడం ఆ సమాజం మీద ఆసక్తితో కాదు. తెలుగువారు కడచిన నూరేళ్లుగా దేశవిదేశాలలో పెట్టుకున్న సంఘాల చరిత్ర కూడా ఇదే పొరపాటు పద్ధతిలో రాయబడుతున్నది. 1977లో న్యూయార్క్‌లో తొలి మహాసభ జరుపుకున్న ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) నుంచి తరువాతి దశాబ్దిన్నరలో అమెరికా తెలుగు సంఘం (ఆటా) వేరుపడిన సంగతి ఎత్తగానే కులం అన్న ఒక్క మాటతో చర్చ ముగిసిపోతుంది. కులం పాత్రను కాదనేవాడు తెలుగు సమాజాన్ని ఎరగనివాడే. అయినా అంతకు ముందు అడగవలసిన ప్రశ్నలున్నాయి. అమెరికా నగరాలలోని తెలుగు సంఘాలు వేటికవే స్వతంత్రంగా రిజిస్టరైన సంస్థలు, జాతీయ సంఘం సభ్యత్వం మాత్రం నేరుగా వ్యక్తులది. ఊరి సంఘానికి జాతీయ సంఘంలో ఓటు లేనప్పుడు, ఓడిన వర్గానికి లోపల ఉండి పోరాడే చోటెక్కడ? చోటు లేనివారు కొత్త సంఘం పెట్టక ఏం చేస్తారు? ఇందుకు భిన్నంగా, చెరకు తోటల కూలీలుగా వెళ్లినవారి సంతతి 1931లో ఏర్పరచుకున్న దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభను గురించి ఇవే ప్రశ్నలు వేస్తే వచ్చే జవాబులు వేరుగా ఉండవచ్చు. నియమావళులను పక్కపక్కన పెట్టి చదివితే గాని అది తేలదు.

ఆ పని ప్రస్తుతం ఈ ఉపన్యాసకర్త చేతిలో ఉంది: ఆంధ్ర, తెలంగాణల వెలుపలి తెలుగు సంఘాల నియమావళులను, వాటి సవరణలతో సహా, తేదీల వరుసలో ఒక సంపుటంగా కూర్చడం. వార్షికోత్సవ సంచికలు ఇళ్లలో దొరుకుతున్నాయి, అధ్యక్షుల ఫొటోలు దొరుకుతున్నాయి, సన్మానపత్రాలు కుప్పలుగా ఉన్నాయి. నియమావళి అచ్చుప్రతి మాత్రం అరుదు, సవరణ తీర్మానాల మినిట్సు పుస్తకాలు అంతకంటె అరుదు. ఇవి కార్యదర్శి మారినప్పుడల్లా పాత కార్యదర్శి బీరువాలోనే ఉండిపోయి, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తూకానికి వెళ్లిపోతున్నాయి. బొంబాయి, కలకత్తా, రంగూన్, డర్బన్, కౌలాలంపూర్, న్యూజెర్సీ, ఎక్కడి సంఘమైనా సరే, పాత నియమావళి గాని, చందా రసీదు పుస్తకం గాని, మినిట్సు గాని తమ ఇళ్లలో ఉన్న పాఠకులు వాటి నకళ్లను ఈ ధర్మనిధి గ్రంథాలయానికి చేర్చవలసిందిగా ప్రార్థన. అసలు ప్రతులు వారి దగ్గరే ఉండవచ్చు, ఫొటో తీసి పంపినా చాలు, తేదీ ఉన్న పుట మాత్రం తప్పకుండా జతచేయాలి.