నేయని సాలీడు
(ప్లాటినం జూబిలీ విజ్ఞాన సభలో చదివిన ప్రసంగ పాఠం)



తెలుగు భాషలో ‘సాలె’ అనగా నేతగాడు. సాలెపురుగు అనగా నేసే పురుగు. దారం తీసి వల అల్లే ఆ చిన్న ప్రాణిలో తెలుగువారు తమ ఇంటి మగ్గాన్నే చూచుకొని, ఆ పేరు పెట్టినారు. శ్రీకాళహస్తి క్షేత్రనామంలో మొదటి అక్షరమైన ‘శ్రీ’ సాలెపురుగే అని స్థలపురాణం చెబుతున్నది. మగ్గాన్ని నమ్ముకొని షోలాపూరుకు వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలు చదువుకునే బడిలో సాలెపురుగును గురించి ప్రసంగించుట ఆ విధంగా సముచితమే. అయితే నేటి ప్రసంగానికి విషయమైన సాలీడు వల నేయదు. అది గెంతుతుంది.

కిటికీ ఊచల మీద, పిట్టగోడ మీద, తులసికోట అంచున, ఎండ పడే గోడ మీద వేలి గోరంత సాలీడు ఒకటి నాలుగడుగులు నడిచి ఆగుతుంది, మరల నడుస్తుంది. వేలు దగ్గరకు తెస్తే పారిపోక, తల తిప్పి చూస్తుంది. అదే గెంతు సాలీడు. వీటిలో అధిక భాగం సెంటీమీటరుకు మించవు. ఆకుచెత్తలో జీవించే కొన్ని రకాలు రెండు మూడు మిల్లీమీటర్లతోనే సరిపెట్టుకుంటాయి. మనుష్యులకు వీటి వలన హాని లేదు. ఈగలు, దోమలు, చిన్న చిన్న పురుగులు వీటి ఆహారం.

ఈ ప్రాణికి కన్నులు ఎనిమిది. ముందు వైపు నడుమనున్న రెండు కన్నులు పెద్దవి, గుండ్రనివి. ఇవి చిన్న దూరదర్శినుల వలె లోపలికి గొట్టాలుగా సాగి ఉంటాయి. కంటి గాజు కదలదు, లోపలి తెర మాత్రమే కండరాల సాయంతో అటునిటు కదులుతుంది. తక్కిన ఆరు కన్నులు చుట్టూ జరిగే కదలికలను కనిపెట్టుటకు. అందువలన దాదాపు అన్ని దిక్కులనూ ఇది ఒకేసారి గమనించగలదు. గెంతుట కూడ విచిత్రమే. మిడుత వలె బలిసిన తొడలు దీనికి లేవు. దేహంలోని రక్తద్రవాన్ని ఒత్తిడితో కాళ్ళలోకి నెట్టి, ముడుచుకున్న కాళ్ళను ఒక్కసారిగా చాచుకొని, తన పొడవుకు అనేక రెట్లు దూరం దూకుతుంది. దూకే ముందు నిలిచిన చోట ఒక దారపు కొసను అతికిస్తుంది. గురి తప్పితే ఆ దారమే ప్రాణరక్షణ. నేయదన్న మాటేగాని, దారం లేక బ్రతకదు. పడుకొనే గూడు, గ్రుడ్లు పొదువుకొనే సంచి ఆ దారంతోనే కడుతుంది.

ఇక వర్గీకరణ. స్వీడన్ దేశీయుడైన కార్ల్ క్లార్క్ 1757లో తమ దేశపు సాలీళ్ళపై ఒక గ్రంథం ప్రకటించినాడు. జంతువుల శాస్త్రనామాలకు లిన్నేయసు 1758 నాటి గ్రంథమే మూలమని నియమం ఉన్నది. ఒక్క సాలీళ్ళ విషయంలో మాత్రం క్లార్క్ పెట్టిన పేర్లకు అంతకన్న ముందు స్థానం లభించినది. ఐరోపా ఇళ్ళ గోడలపై తిరిగే నలుపు తెలుపు చారల గెంతు సాలీడు ‘సాల్టికస్ సీనికస్’ ఆయన వర్ణించినదే. సాల్టికస్ అనే మాట లాటిన్ భాషలో గెంతుటకు, నర్తించుటకు సంబంధించినది. ఆ పేరు మీదుగానే 1841లో బ్లాక్‌వాల్ ఈ కుటుంబానికి ‘సాల్టిసిడే’ అని నామకరణం చేసినాడు.

పందొమ్మిదవ శతాబ్ది చివర, ఫ్రాన్సు దేశపు యూజీన్ సిమోన్ ఈ కుటుంబాన్ని విభజించుటకు ఒక సులభమైన గుర్తును ఎంచుకున్నాడు. అది కోరల క్రింది అంచున ఉండే పన్ను. ఆ పన్ను ఒకటి ఉన్నవి ఒక వర్గం, చీలిన పన్ను ఉన్నవి మరొక వర్గం, అనేక దంతాలున్నవి ఇంకొక వర్గం. చాలాకాలం ఈ పద్ధతి శాస్త్రజ్ఞులకు దారి చూపినది. కాని ఒకే విధమైన పన్ను సంబంధం లేని వంశాలలో వేరువేరుగా పుట్టవచ్చుననీ, దగ్గరి చుట్టాలలో కూడ పళ్ళు వేరుగా ఉండవచ్చుననీ తరువాత తేలినది. ఒక్క పన్ను చూచి వంశాన్ని నిర్ణయించరాదు. ఒక్క మార్కు చూచి విద్యార్థిని నిర్ణయించరాదన్న మాట ఉపాధ్యాయులకు ఇక్కడ జ్ఞాపకం రాక మానదు.

జాతిని గుర్తించుటకు శాస్త్రజ్ఞులు ముఖ్యంగా జననాంగాల నిర్మాణంపై ఆధారపడతారు. మగదాని ముఖం ముందుండే చిన్న స్పర్శాంగాల కొసలు, ఆడదాని పొట్ట అడుగుభాగంలోని పలక ఒక్కొక్క జాతికి ఒక్కొక్క రీతిగా ఉంటాయి. రంగు చూచి పేరు పెట్టుట ప్రమాదం. అనేక జాతులలో మగది మిలమిలలాడుతుంది, ఆడది మట్టిరంగులో ఉంటుంది. ఆ కారణంగా ఒకే జాతికి చెందిన ఆడమగలకు రెండు వేర్వేరు పేర్లు పెట్టిన సందర్భాలు గ్రంథాలలో అనేకం ఉన్నాయి. పిల్ల సాలీళ్ళనయితే నిపుణులు సైతం తరచు గుర్తించలేరు.

జన్యుపదార్థాన్ని చదువగలిగిన తరువాత వంశవృక్షం స్పష్టపడినది. కెనడాకు చెందిన వేన్ మాడిసన్ 2015లో ప్రకటించిన వర్గీకరణ ప్రకారం ఈ కుటుంబంలో ఏడు ఉపకుటుంబాలు. వానిలో ఆరు చిన్నవి. ఏడవది ‘సాల్టిసినే’. గెంతు సాలీళ్ళలో అత్యధిక భాగం జాతులు ఈ ఒక్కదానిలోనే ఇమిడి ఉన్నాయి. చిన్న ఉపకుటుంబాలలో ‘లిస్సోమానినే’ అమెరికా ఖండాలది. ఒంటిరంగు లేతాకుపచ్చగా, కన్నులు నాలుగు వరుసలుగా ఉండే సాలీళ్ళు ఇందులో ఉన్నాయి. ‘యూపోయినే’ ఆగ్నేయాసియా ప్రాంతపు ఆకుచెత్తలో బ్రతికే అతి చిన్న ప్రాణులది. ‘స్పార్టీయినే’లో ఇతర సాలీళ్ళను వేటాడే ‘పోర్షియా’ ఉన్నది. ఇది ఎరను చేరుటకు చుట్టుదారిని ముందుగానే ఎంచుకొని నడుస్తుందని ప్రయోగాలు నిరూపించినాయి.

2022లో ప్రపంచ సాలీళ్ళ పట్టికలో జాతుల సంఖ్య 50,000కు చేరినది. ఆ స్థానాన్ని పొందినది దక్షిణ అమెరికాకు చెందిన ‘గురియూరియస్ మినువానో’ అనే గెంతు సాలీడు. ఆ మొత్తంలో ఆరు వేలకు పైగా జాతులు గెంతు సాలీళ్ళవే. సాలీళ్ళ కుటుంబాలన్నిటిలో ఇదే పెద్దది.

వ్యాప్తి విషయం మరింత ఆసక్తికరం. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాలలోను ఇవి ఉన్నాయి. అయినా ఒక్కొక్క ఖండపు వంశాలు ఒక్కొక్క తీరుగా ఉంటాయి. అమెరికాల అడవులలో వర్ధిల్లిన పెద్ద వంశాలు ఆసియాలో దాదాపు కనిపించవు. ఆస్ట్రేలియా వైపు వర్ధిల్లినవి ఆఫ్రికాలో అరుదు. దీనికి కారణం కాలం. బాల్టిక్ సముద్రతీరంలో దొరికే శిలీభూతమైన చెట్టుబంకలో నాలుగు కోట్ల సంవత్సరాలకు పైబడిన గెంతు సాలీళ్ళు చిక్కుకొని ఉన్నాయి. అంతకన్న ఎంతో పురాతనమైన రాక్షసిబల్లుల యుగపు బంకలో ఇతర సాలీళ్ళు దొరికినాయి గాని, నిశ్చయంగా గెంతు సాలీడని చెప్పదగినది దొరకలేదు. కనుక ఈ కుటుంబం విస్తరించే నాటికే ఖండాలు చాలవరకు విడిపోయి ఉన్నవి. సముద్రం అడ్డుపడిన చోట ప్రతి ఖండంలోను వంశం విడివిడిగా పెరిగినది. ఒకే విధమైన జీవనానికి ఒకే విధమైన రూపం అనేక చోట్ల మరల మరల పుట్టినది.

కొన్ని జాతుల నివాసం చాలా చిన్నది. తూర్పు ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు పరిసరాలలో ‘ఎవార్కా కులిసివోరా’ అనే సాలీడు రక్తం త్రాగిన ఆడదోమలను ఏరి తింటుంది. మధ్య అమెరికాలో ‘బఘీరా కిప్లింగి’ ఒక రకం తుమ్మచెట్టు ఆకుల కొసలను ప్రధానాహారంగా తిని బ్రతుకుతుంది. శాకాహార సాలీడుగా ఇది ప్రసిద్ధి చెందినది. ఆస్ట్రేలియాలో నాలుగైదు మిల్లీమీటర్ల మగ ‘మరాటస్’ పింఛం విప్పినట్లు పొట్ట విప్పి ఆడదాని ముందు నాట్యమాడుతుంది. 1924 నాటి ఎవరెస్టు యాత్రలో ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా ఉన్న హింగ్‌స్టన్, దాదాపు 6,700 మీటర్ల ఎత్తున రాళ్ళ నడుమ చిన్న గెంతు సాలీళ్ళను సేకరించినాడు. 1975లో వాన్‌లెస్ వానికి ‘అన్నిటికన్న పైన నిలిచినది’ అనే అర్థంతో పేరు పెట్టినాడు. అక్కడ పచ్చిక లేదు. గాలి మోసుకొచ్చే శిథిల పదార్థాలను చిన్న పురుగులు తింటే, ఆ పురుగులను ఈ సాలీడు తింటుంది.

ఇందుకు భిన్నంగా లోకమంతా తిరిగి స్థిరపడినవి కొన్ని ఉన్నాయి. అవే తెలుగు ఇళ్ళలో కనిపించేవి. మొదటిది ‘ప్లెక్సిప్పస్ పేకుల్లి’. దీని మగదానికి నల్లని ఒంటిపై తెల్లని నిలువు చారలు ఉంటాయి. రెండవది ‘మెనిమెరస్ బైవిట్టాటస్’. ఇది చదునైన బూడిదరంగు శరీరంతో సున్నపు గోడకు అంటుకొని తిరుగుతుంది. మూడవది ‘హసారియస్ ఆడన్సోని’. నల్లని మగదాని పొట్టపై చంద్రవంక వంటి తెల్లని గుర్తు ఉంటుంది, ఇంటి లోపలి నీడ దానికి ప్రియం. ఈ మూడూ ఓడల సరుకులతో, మొక్కల కుండీలతో, మనుష్యుల సామాన్లతో ప్రయాణించి ఉష్ణమండల దేశాలన్నిటా కాపురం పెట్టినాయి. వెళ్ళిన చోటల్లా గోడనే ఆశ్రయించినాయి, ఈగనే వేటాడినాయి. ఇల్లు మారినా వృత్తి మారలేదు.

దొరికిన చోటంతా సొంత ఊరు కాదనుటకు ఆంధ్రదేశంలోనే ఒక నిదర్శనం ఉన్నది. అది గెంతు సాలీడు కాదు, చెట్టుతొర్రలలో నివసించే పెద్ద నీలి సాలీడు. 1899లో పోకాక్ దానిని వర్ణించినాడు. అది దొరికినది అనంతపురం జిల్లా గుత్తిలో, రైల్వే కలప నిల్వల వద్ద. వంద సంవత్సరాల తరువాత వెదకగా, నంద్యాల గిద్దలూరుల నడిమి అడవిలో దాని అసలు నివాసం బయటపడినది. కలపతో పాటు రైలెక్కి గుత్తికి చేరినదని నిపుణుల అభిప్రాయం. పేరు మాత్రం గుత్తిదే నిలిచినది. ఆ అడవి తరిగిపోతే ఆ జాతికి వేరొక చోటు లేదు. నేడు అది అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో ఉన్నది. లోకమంతా తిరిగిన గోడ సాలీడు ఒకవైపు, ఒక్క అడవిని నమ్ముకొన్న నీలి సాలీడు మరొకవైపు. జీవులు ఎక్కడెక్కడ ఉన్నవో వ్రాసి ఉంచుట ఎందుకో ఈ రెంటినీ పోల్చితే తెలుస్తుంది.

భారతదేశంలో ఈ అధ్యయనానికి భారత జంతుశాస్త్ర సర్వేక్షణకు చెందిన బి. కె. టికాదర్ గట్టి పునాది వేసినారు. భారతీయ సాలీళ్ళపై ఆయన కరదీపిక 1987లో వెలువడినది. పని ఇంకను పూర్తి కాలేదు. ఈ మహారాష్ట్రలోనే ఠాణే, కల్యాణ్ ప్రాంతం నుండి 2021లో ఒక కొత్త గెంతు సాలీడును వర్ణించి, దానికి ‘ఐసియస్ తుకారామి’ అని పేరు పెట్టినారు. 2008 నవంబరులో ముంబయిలో ఉగ్రవాదిని పట్టుకొని ప్రాణాలర్పించిన పోలీసు అధికారి తుకారాం ఓంబళే స్మృతికి ఆ పేరు అంకితం. లక్షల జనం నివసించే పట్టణాల ప్రక్కనే పేరు లేని ప్రాణి ఉండగలిగినదంటే, షోలాపూరు తోటలలో ఏమేమి ఉన్నవో వెదకుట వృథా కాదు.

మామిడిచెట్టును పరిశీలించే పిల్లలు మరొక వింతను చూడవచ్చును. ఆకులను కలిపి కుట్టి గూడు కట్టే ఎర్రచీమల మధ్య, అచ్చంగా వాని వలె కనిపించే ఒక గెంతు సాలీడు తిరుగుతుంది. చీమకు కాళ్ళు ఆరు, సాలీడుకు ఎనిమిది. ముందరి రెండు కాళ్ళను మీసాల వలె ఎత్తి ఆడిస్తూ అది లెక్క సరిపెడుతుంది. ఆ చీమలు తమ పిల్లపురుగుల నోటి దారంతో ఆకులు నేస్తాయి. నేసేది చీమ, నేయనిది సాలీడు! పేరొక్కటే చూచి వృత్తిని ఊహిస్తే ఇక్కడ తబ్బిబ్బు కావలసినదే.

చివరగా ఒక విన్నపం. ఈ ఆరు వేల జాతులలో ఒక్కొక్కదానికి శాస్త్రనామం ఉన్నది. ఇంటి గోడపై దినమూ కనిపించే మూడింటికి సైతం వాడుకలో నిలిచిన తెలుగు పేరు లేదు. పేరు లేనిదానిని పిల్లలు ‘పురుగు’ అంటారు, పెద్దలు చీపురు ఎత్తుతారు లేదా మందు కొడతారు. దోమను చంపుటకు చల్లిన మందు దోమలు తినే ప్రాణిని కూడ చంపుతుంది. పేరు తెలిసినదానిపై చేయి ఎత్తే ముందు ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు.

అందుచేత ఈ పాఠశాలలో ప్రతి తరగతికి ఒక సాలీళ్ళ పుస్తకం ఏర్పాటు చేయుట మంచిది. తేదీ, స్థలం, నేల నుండి ఎత్తు, వేళ, రంగు, గుర్తులు, తింటున్నది ఏమి అనే వివరాలు తెలుగులో వ్రాయాలి. పట్టుకోనక్కర లేదు, చంపనక్కర అసలే లేదు. తెలియని చోట ‘తెలియదు’ అని వ్రాయుట కూడ శాస్త్రమే. పూర్వ విద్యార్థులు తాము స్థిరపడిన ఊళ్ళ నుండి ఇదే రీతిగా వ్రాసి పంపితే, పది సంవత్సరాలలో ఒక విలువైన వ్యాప్తిపటం తయారవుతుంది. పిలుపు పేర్లు పిల్లలే పెట్టవచ్చును. చారలున్నది ‘చారల గెంతుడు’, గోడకు అంటుకొన్నది ‘గోడ గెంతుడు’, తెల్లని గుర్తున్నది ‘చంద్రవంక’. ఇంతకన్న మంచి పేరు తోచినవారు పుస్తకంలో దాని ప్రక్కనే వ్రాయవచ్చును. నలుగురి నోట నానిన పేరే నిలుస్తుంది.