బిల్లు ఎవరి పేరున ఉంది?

(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



వినియోగదారుల హక్కుల గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే మనకు కల్తీ నూనె, తూకంలో మోసం, రేషను షాపు గుర్తొస్తాయి. నేను మాత్రం ఒక ఆట వస్తువు గురించి చెప్పబోతున్నాను. వీడియో గేములు ఆడుకునే యంత్రం. కొందరు నవ్వుతున్నారు. మొదట నేనూ అలాగే నవ్వి తీసిపారేశాను. అందుకే చెప్పాలనిపించింది.

మాది హనుమకొండ. మా వీధి చివర మైదానం ఉంది. సాయంత్రం అక్కడ ఆడేది మగపిల్లలే. మా అమ్మాయి చిన్నప్పుడు గోడ పక్కన నిలబడి చూసేది. పెద్దదయ్యాక అదీ మానేసింది. డిగ్రీ చదువుతూ, ట్యూషన్లు చెప్పి, రెండేళ్ళు డబ్బు కూడబెట్టి 40 వేలకు ఒక గేమింగ్ కన్సోల్ కొనుక్కుంది. "నా మైదానం ఇదేనమ్మా" అంది. కార్డు మీద తగ్గింపు వస్తుందని మా తమ్ముడి కార్డు వాడి, డబ్బు వాడికిచ్చేసింది. బిల్లు వాడి పేరున వచ్చింది. అప్పుడెవరం పట్టించుకోలేదు.

ఏడో నెలలో కంట్రోలర్ పాడైంది. పుల్ల మీద నుంచి బొటనవేలు తీసేసినా తెర మీది బొమ్మ తనంతట తానే ఎడమకు నడిచిపోతోంది. "నువ్వే మొరటుగా తిప్పి ఉంటావు" అన్నాను. హక్కుల గురించి ఊరూరా మాట్లాడే నేను, ఇంట్లో మొదట అన్న మాట అది.

వారంటీ ఏడాది ఉంది కదా అని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసింది. ఆపి మళ్ళీ వేయమన్నారు. ఇంకోసారి ఫొటోలు పంపమన్నారు. చేసిన ప్రతిసారీ కొత్త గొంతు, మొదటి నుంచీ కథంతా చెప్పుకోవాలి. చివరికి "ఇది వాడకంలో జరిగిన డ్యామేజీ, వారంటీ వర్తించదు, 3,800 కట్టండి" అన్నారు. అమ్మాయి వాదిస్తే, "బిల్లు మీ పేరున లేదు మేడమ్, ఆ సార్‌ని మాట్లాడమనండి" అన్నారు.

తమ్ముడు మాట్లాడాడు. వాడితో మర్యాదగానే మాట్లాడారు. వాడు గేము ఒక్కసారి కూడా ఆడినవాడు కాదు. ఏం పాడైందో చెప్పలేకపోయాడు. "పోనీలే అక్కా, 3,800 నేనే కడతా" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. మా అమ్మాయి మాత్రం ఏడ్చింది. "డబ్బు కాదమ్మా. తప్పు నాదని రాశారు. అది ఒప్పుకుని కట్టమంటున్నారు" అంది.

అప్పుడు కూర్చుని తెలుసుకున్నాం. ఇలాంటి కంట్రోలర్లలో చాలావాటిలో ఆ పుల్ల కింద సన్నటి కార్బన్ పూత ఉంటుంది. దాని మీద చిన్న లోహపు ముక్క రాసుకుంటూ తిరుగుతుంది. పూత అరిగితే, పుల్ల మధ్యలోనే ఉన్నా యంత్రం పక్కకు తోశారనుకుంటుంది. దీన్ని 'డ్రిఫ్ట్' అంటారు. మొరటుగా వాడనక్కర్లేదు, మామూలుగా ఆడినా అరగొచ్చు.

మేం కొన్నది వేరే కంపెనీదే గానీ, జపాన్ కంపెనీ నింటెండో 2017లో తెచ్చిన 'స్విచ్' అనే యంత్రానికీ ఇదే జబ్బు. ఎక్కడికక్కడ ఒక్కొక్కరూ విడివిడిగా బాధపడ్డారు. యూరప్ వినియోగదారుల సంఘాలు దాదాపు 25 వేల ఫిర్యాదులు పోగుచేసి, 2021 జనవరిలో అక్కడి అధికారుల ముందు పెట్టాయి. 2023లో ఆ కంపెనీ, యూరప్‌లో ఈ లోపాన్ని వారంటీ దాటినా ఉచితంగా బాగుచేస్తామని ఒప్పుకుంది. నా ఒక్కదాని తప్పేమో అనుకున్నది నలుగురూ చెప్పుకుంటే అందరి సమస్యగా తేలడం మన ఉద్యమానికి కొత్త సంగతి కాదు.

ఇక చట్టం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమల్లో ఉంది. అందులో వినియోగదారు అంటే కొన్నవారే కాదు. కొన్నవారి సమ్మతితో వాడుకునేవారు కూడా. 1986 నాటి పాత చట్టంలోనూ ఈ మాట ఉంది. మిక్సీ, ఫ్రిజ్, కుట్టుమిషను మన ఇళ్ళలో ఎవరి పేరున కొంటున్నారు? ఎవరు వాడుతున్నారు? "సార్‌ని పిలవండి" అన్నప్పుడు మనం ఫోను భర్త చేతికో కొడుకు చేతికో ఇచ్చేస్తున్నాం. ఇవ్వనక్కర్లేదు.

మరికొన్ని సంగతులు రాసుకోండి. కంపెనీ ఆఫీసు ఏ నగరంలో ఉన్నా, మనం ఉన్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు లేకుండా మనమే మాట్లాడుకోవచ్చు. సమస్య వచ్చిన రెండేళ్ళలోపు వేయాలి. లోపం సరిచేయమని, వస్తువు మార్చమని, డబ్బు తిరిగివ్వమని, నష్టపరిహారం ఇమ్మని అడగొచ్చు. అంతకంటే ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించవచ్చు.

మా అమ్మాయి 1915కు చేసింది. తన పేరుతోనే చేసింది. మేనమామ కొని ఇచ్చాడు, వాడేది నేను అని చెప్పింది. కస్టమర్ కేర్‌తో మాట్లాడిన తేదీలు, వాళ్ళిచ్చిన నంబర్లు, బొమ్మ తనంతట తాను నడిచే వీడియో అన్నీ జతచేసింది. కంపెనీకి రిజిస్టర్ పోస్టులో ఉత్తరం రాసి, పదిహేను రోజుల్లో తేల్చకపోతే జిల్లా కమిషన్‌కు వెళ్తానంది. పన్నెండో రోజున కొత్త కంట్రోలర్ వచ్చింది. పెట్టెలో ఒక కాగితం ఉంది. 'ప్రత్యేక పరిగణనతో మార్చి ఇస్తున్నాం' అని రాశారు. తప్పు తనది కాదని మాత్రం రాయలేదు. దాని మీద కూడా ఉత్తరం రాస్తానంటోంది. రాయనీ అన్నాను.

ఆ ఫోనెత్తే అమ్మాయిల మీద నాకు కోపం లేదు. చేతికిచ్చిన కాగితంలోని మాటలే వాళ్ళు చదువుతారు. ఆ కాగితం రాయించినవాళ్ళనే మనం అడగాలి.

మీరు ఊళ్ళకు వెళ్ళాక సంఘం సమావేశంలో ఒక్క ప్రశ్న వేయండి. మీ ఇంట్లో పాడై మూలపడ్డ వస్తువేది, "పోనీలే" అన్నదెవరు? జవాబులు రాసుకోండి. ఒకే కంపెనీ పేరు పదిసార్లు వస్తే, పదిమందీ కలిసి ఒకే ఫిర్యాదు వేయడానికి కూడా చట్టంలో వీలుంది. ఆడపిల్ల ఆట వస్తువు కూడా ఆ జాబితాలో ఉండాలి. దాన్ని చిన్న విషయమని నేను తీసేశాను. మీరు తీసేయకండి.

సెలవు.